కరోనా సాయం ఆగింది.. పని పోతే దిక్కేది?

కరోనా రోజుల గురించి ఎప్పుడు మాట వచ్చినా ప్రభుత్వాలన్నీ ఒకే పాట పాడతాయి. ఆపదలో ఆదుకున్నామని. ఆ మాట అబద్ధమేమీ కాదు. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డుకు 1,000 రూపాయలు, తెలంగాణలో తెల్ల కార్డుకు 1,500 రూపాయలు, తమిళనాడులో కార్డుకు 1,000 రూపాయలు ఇచ్చారు. కర్ణాటకలో అదే ఏడాది మే నెలలో క్షౌరవృత్తి వారికి, రజకులకు, ఆటో, ట్యాక్సీ డ్రైవర్లకు 5,000, చేనేత వారికి 2,000 ప్రకటించారు. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు కేంద్రం నెలకు 500 చొప్పున మూడు నెలలు వేసింది. చాలిందా అంటే చాలలేదు. అయినా ఇంట్లో పొయ్యి వెలగడానికి అంతో ఇంతో పనికొచ్చింది.

అసలు ప్రశ్న ఆ తర్వాతది. ఆ సాయం ఆగిన మర్నాడు పని లేని మనిషి ఏ ఆఫీసు మెట్లు ఎక్కాలి? ఏ ఫారం నింపాలి? సోలాపూర్‌లోనో భివండీలోనో మరమగ్గాల షెడ్డుకు తాళం పడితే, కరోనా లేని మామూలు రోజుల్లో ఆ కార్మికుడికి వచ్చేదేంటి? ఈ ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు లేదు.

జవాబు వెతుక్కున్న దేశాలు ఉన్నాయి. మన పిల్లలు చదువులకని, ఉద్యోగాలకని వెళ్తున్న కెనడానే చూడొచ్చు. అక్కడ 2020 మార్చి నుంచి పని పోయిన వారికి నాలుగు వారాలకు 2,000 డాలర్ల చొప్పున అత్యవసర సాయం ఇచ్చారు. సొంతంగా చిన్నాచితకా పని చేసుకునే వారికి కూడా ఇచ్చారు. సెప్టెంబర్ 26తో దాన్ని ఆపేశారు. ఆపేసి చేతులు దులుపుకోలేదు. మర్నాటి నుంచి జనాన్ని తమ పాత ఉపాధి బీమాలోకి మళ్లించారు. చిక్కేమిటంటే, ఆ బీమా కావాలంటే మామూలుగా ప్రాంతాన్ని బట్టి 420 నుంచి 700 గంటలు పని చేసి ఉండాలి. ఊరంతా మూతపడిన ఏడాదిలో అన్ని గంటలు ఎవరికి ఉంటాయి? అందుకని ప్రభుత్వమే ప్రతి ఒక్కరి ఖాతాలో 300 గంటలు జమ చేసినట్టు లెక్క కట్టింది. 120 గంటలు పని చేసినవాడికీ బీమా అందింది. వారానికి కనీసం 500 డాలర్లు వచ్చేట్టు చూశారు. సొంత పని వాళ్లు ఆ బీమాలోకి రారు కాబట్టి వాళ్లకు వేరే సాయం పెట్టి 2021 అక్టోబర్ దాకా నడిపారు.

అక్కడ అంతా సాఫీగా జరిగిందని కాదు. అర్హత లేకుండా తీసుకున్నారంటూ తర్వాత చాలామందికి డబ్బు తిరిగి కట్టమని ఉత్తరాలు వెళ్లాయి. తిన్న డబ్బు తిరిగి కట్టమంటే పేదవాడికి ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. అదొక మచ్చే. కానీ అత్యవసర సాయం నుంచి మామూలు సాయానికి నడిచే వంతెన ఒకటి వేశారు. గడప ఎత్తుగా ఉంటే గడపను దించారు.

మన దగ్గరా ఒక తలుపుంది

మన దేశంలో పని పోయిన వారికి ఏమీ లేదనడం కూడా సరికాదు. ఈఎస్ఐలో రెండు పథకాలున్నాయి. ఫ్యాక్టరీ మూతపడినా, ఉద్యోగాల్లోంచి తీసేసినా మొదటి ఏడాది జీతంలో సగం, రెండో ఏడాది పావు వంతు ఇచ్చే రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన 2005 ఏప్రిల్ నుంచి ఉంది. 2018 జూలైలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. రెండో దాంట్లో జీవితంలో ఒక్కసారి, 90 రోజులకు మించకుండా, సగటు కూలీలో 25 శాతం ఇస్తామన్నారు. అదీ పని పోయిన 90 రోజుల తర్వాత, యజమాని ద్వారా దరఖాస్తు వెళ్తేనే. తీసేసిన యజమానే కాగితం పంపాలట!

కరోనా వచ్చాక గడపను కొంత దించిన మాట నిజం. 2020 మార్చి 24 నుంచి పని పోయిన వారికి 25 శాతాన్ని 50 శాతం చేశారు. 90 రోజుల ఎదురుచూపు 30 రోజులకు తగ్గింది. యజమానితో పని లేకుండా కార్మికుడే దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. నెలకు 12,000 వచ్చే కార్మికుడికి మూడు నెలలకు 18,000 అన్నమాట. 40 లక్షల మందికి పైగా మేలు జరుగుతుందని అప్పట్లో అంచనా వేశారు. తీరా తర్వాత పార్లమెంటుకు చెప్పిన లెక్కల్లో తేలిన లబ్ధిదారులు వేలల్లోనే ఉన్నారు. పని పోయినవాళ్లు లేకనా? కాదు. ఆ తలుపు ఈఎస్ఐ అనే ప్రహరీ లోపల ఉంది. ప్రహరీ బయట ఉన్నవాడికి తలుపు తీసి పెట్టినా ఒకటే, మూసి పెట్టినా ఒకటే.

పైగా ఆ సడలింపులను ఆరు నెలలకని, ఏడాదికని, రెండేళ్లకని పొడిగించుకుంటూ వచ్చారు తప్ప పథకాన్ని శాశ్వతం చేయలేదు. గడువు దగ్గర పడినప్పుడల్లా ఈసారి ఉంటుందో ఊడుతుందో అని చూడటమే. పని పోతుందేమోనన్న భయానికి ఇచ్చే బీమాకు దాని బతుకే గ్యారంటీ లేకపోతే ఎలా?

షెడ్డు ఒకటి.. పేర్లు మూడు

ఇక సోలాపూర్ సంగతికి వద్దాం. తరాల కింద తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పట్టుకుని వచ్చినవాళ్లు ఆ ఊరి తూర్పు భాగాన్ని నిలబెట్టారు. దుప్పట్లకు, టవళ్లకు సోలాపూర్ పేరు దేశమంతా తెలిసిందంటే ఆ చేతుల వల్లే. మగవాళ్లు షెడ్డుకు వెళ్తే ఆడవాళ్లు బీడీలు చుడతారు. భివండీలో పద్మానగర్, కామత్‌ఘర్ వైపు కూడా ఇదే కథ. సాంచె నడిస్తే కూలి, ఆగితే లేదు. పీసు లెక్క. నూలు రేటు పెరిగినా, గిరాకీ తగ్గినా, కరెంటు పోయినా ముందు ఆగేది కార్మికుడి కూలే. కిరాణా కొట్లో ఉద్దెర మాత్రం ఆగదు.

పది మంది పని చేసే చోట ఈఎస్ఐ ఉండాలని చట్టం. మరి షెడ్డులో పాతిక మంది ఉన్నా ఈఎస్ఐ కార్డు ఎందుకు కనపడదు? షెడ్డు ఒకటే, లైసెన్సులు రెండు మూడు పేర్ల మీద ఉంటాయి. ఒక్కో పేరు కింద పది కంటే తక్కువ మంది. హాజరు పుస్తకం అసలుండదు, ఉన్నా అందులో అందరి పేర్లుండవు. ఇది అందరికీ తెలిసిన బహిరంగ రహస్యమే. ఇక్కడ మింగుడుపడని మాట ఒకటుంది. చాలా చోట్ల సేఠూ మనవాడే, కార్మికుడూ మనవాడే. ఒకే కులం, ఒకే గుడి, ఒకే పెళ్లి పందిరి. అందుకే ఈ సంగతి సంఘం మీటింగుల్లో పెద్దగా చర్చకు రాదు.

చిన్న యజమానుల బాధ కూడా ఉత్తది కాదు. నాలుగు మగ్గాలు పెట్టుకుని అప్పు మీద నడిపేవాడు నిన్నటిదాకా కార్మికుడే. కానీ లెక్క ఎంతో చూద్దాం. 12,000 జీతం మీద ఈఎస్ఐకి యజమాని కట్టాల్సింది 3.25 శాతం, అంటే 390 రూపాయలు. కార్మికుడు కట్టేది 90 రూపాయలు. ఈ 480 కట్టి ఉంటే లాక్‌డౌన్‌లో ఆ మనిషికి 18,000 అడిగే హక్కు ఉండేది. ఆస్పత్రి సదుపాయం వేరే. కట్టకపోవడం వల్ల అతని చేతికి వచ్చింది ఎంత? 2020 మార్చి 29న పూర్తి జీతాలివ్వాలని కేంద్ర హోంశాఖ ఇచ్చిన ఉత్తర్వు మే 18 నుంచి చెల్లకుండా పోయింది. జూన్‌లో సుప్రీంకోర్టు యజమానులు, కార్మికులు మాట్లాడుకుని తేల్చుకోండని చెప్పింది. పీసు లెక్కన పని చేసే మనిషి సేఠుతో ఏం మాట్లాడి, ఏం తేల్చుకుంటాడు?

పీఎఫ్ నుంచి తీసుకోవచ్చన్న వెసులుబాటును కూడా అప్పట్లో సాయం లెక్కలో కలిపి చెప్పారు. మూడు నెలల జీతం గానీ, ఖాతాలో ఉన్నదాంట్లో 75 శాతం గానీ, ఏది తక్కువైతే అది. అది కార్మికుడి సొంత డబ్బు. ముసలితనానికి దాచుకున్నది. దాన్ని తోడుకుని తినడాన్ని సాయమంటే, ఇంట్లో పుస్తె తాకట్టు పెట్టుకోవడాన్ని కూడా సాయమనాలి.

2021లో రెండో విడత వచ్చింది. ఏప్రిల్ 13న మహారాష్ట్ర ప్రభుత్వం ప్యాకేజీ ప్రకటించింది. నమోదైన భవన కార్మికులకు, ఇళ్లలో పని చేసేవారికి, లైసెన్సు ఉన్న తోపుడు బండ్లవారికి, పర్మిట్ ఉన్న ఆటోవాలాలకు 1,500 చొప్పున ఇచ్చారు. ఆ జాబితాలో మరమగ్గం కార్మికుడు లేడు. బీడీ చుట్టే ఆడమనిషి లేదు. ఆటోవాలాకు పర్మిట్ ఉంది, భవన కార్మికుడికి బోర్డు ఉంది. ఏ రిజిస్టర్‌లోనూ పేరు లేనివాడు సాయం రోజు కూడా కనిపించడు.

అక్కకు పింఛను.. చెల్లెకు ఆకు కట్ట

బీడీల సంగతి ఇంకా విచిత్రం. తెలంగాణలో బీడీ కార్మికులకు 2015లో నెలకు 1,000 రూపాయల పింఛను మొదలుపెట్టారు. 2019లో దాన్ని 2,016 చేశారు. అదే బీడీ, అదే తునికాకు, అదే తంబాకు. నిజామాబాద్ వైపున ఉన్న అక్కకు పింఛను వస్తుంది, పెళ్లై సోలాపూర్ వచ్చిన చెల్లెకు రాదు. కార్ఖానా ఆకు ఇస్తే పని, ఇవ్వకపోతే లేదు. బీడీ కార్మికుల సంక్షేమం కోసమని వసూలు చేసిన ప్రత్యేక సెస్సు కూడా 2017లో జీఎస్టీ రాకతో పోయింది. సరిహద్దు దాటితే రక్తసంబంధం మారదు కదా, హక్కు ఎందుకు మారాలి? మహారాష్ట్ర ప్రభుత్వాన్ని ఈ మాట గట్టిగా అడగాల్సింది అక్కడి మన సంఘాలే. సన్మానాలకు, శోభాయాత్రలకు పెట్టే ఓపికలో సగం దీనికి పెట్టినా చాలు.

చేయాలనుకుంటే ప్రభుత్వాలు చేయగలవనడానికి ఒడిశానే ఉదాహరణ. 2020 ఏప్రిల్‌లో పట్టణాల్లో పని పోయిన కూలీల కోసం అక్కడ ఒక ఉపాధి పథకం మొదలుపెట్టారు. అప్పటికది కరోనా కోసం పెట్టిందే. మరుసటి ఏడాది దాన్ని ‘ముక్తా’ పేరుతో మామూలు పథకంగా మార్చి, కాలువలు, చెరువులు, పార్కుల పనులకు పెట్టారు. అత్యవసరాన్ని అలవాటుగా మార్చడమంటే ఇదే. 2005 ఉపాధి హామీ చట్టంలో, అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే భృతి ఇవ్వాలని రాసుకున్నారు. అది పల్లెలకే రాశారు. మగ్గాల షెడ్లున్న పట్టణాలకు అలాంటి రాత లేదు.

పని పోవడం కరోనాతో వచ్చిన జబ్బు కాదని యానాం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2012 జనవరిలో గొడవల తర్వాత సిరామిక్స్ ఫ్యాక్టరీ మూతపడితే ఊరి బజారే చిన్నబోయింది. అప్పుడు వైరసూ లేదు, ప్యాకేజీ కూడా లేదు.

ఇప్పుడు కొత్త చట్టం ఒకటుంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. సామాజిక భద్రత అంటే ఏమిటో చెప్పే చోట నిరుద్యోగం అన్న మాట అందులో స్పష్టంగానే ఉంది. కానీ అసంఘటిత కార్మికులకు ఏయే పథకాలు పెట్టొచ్చో చెప్పే సెక్షన్‌కు వస్తే ఆ మాట మాయం. కేంద్రం వంతుకు బీమా, ఆరోగ్యం, ప్రసూతి, వృద్ధాప్యం, చదువు రాశారు. రాష్ట్రాల వంతుకు పీఎఫ్, ప్రమాద పరిహారం, ఇల్లు, శిక్షణ, దహన సంస్కారాల ఖర్చు కూడా రాశారు. చచ్చిపోతే ఇచ్చేది ఉంది. పని పోయి బతికుంటే ఇచ్చేది పేరు పెట్టి రాయలేదు. రాష్ట్రాలు తమ పథకాలు తాము రూపొందించుకునే వీలుంది కాబట్టి మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడు ప్రభుత్వాలు మగ్గం, బీడీ కార్మికులకు పని ఆగిన రోజుల భృతి పెట్టడానికి అడ్డేమీ లేదు.

అదే కోడ్‌లో ఇంకొక వెసులుబాటు ఉంది. పది మంది కంటే తక్కువ ఉన్న చోట కూడా యజమాని, ఎక్కువ మంది కార్మికులు ఒప్పుకుంటే ఈఎస్ఐలో చేరొచ్చు. సేఠూ మనవాడే అన్న మాటకు విలువ ఉంటే ఇక్కడ కనపడాలి. సంఘం పెద్దలు ఒక్క పేటలో ఒక్క వరస షెడ్లనైనా ఇలా చేర్పించి చూపిస్తే మిగతావాళ్లకు దారి దొరుకుతుంది.

ఈలోగా ఇంట్లో కూర్చుని సరిచూసుకోవాల్సిన పని ఒకటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకు పుస్తకంలో వెనక. పీఎఫ్ కాగితంలో మరాఠీ పలుకుబడిలో ఒక రకం, ఊరి రేషన్ కార్డులో తెలుగు పలుకుబడిలో ఇంకో రకం. మన ఇళ్లలో ఇది మామూలే. సాయం వచ్చిన రోజు దరఖాస్తు తిరిగొచ్చేది చాలావరకు ఈ ఒక్క అక్షరం దగ్గరే. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోనివాళ్లు ఇంకా ఉంటే, ముందు పేర్లు ఒకటి చేయించుకుని, వృత్తి దగ్గర కూలీ అని కాకుండా మరమగ్గం కార్మికుడు, బీడీ కార్మికురాలు అని రాయించుకోవాలి. రేపు ఎవరైనా జాబితా తీస్తే వెతికేది ఆ గడిలోనే.