చూసిందే చెబుతోందా?

ఫొటోనో వీడియోనో కంప్యూటర్‌కిచ్చి, అందులో ఏముందో, ఏం జరుగుతోందో మామూలు వాక్యంలో చెప్పించడాన్ని ఇమేజ్ క్యాప్షనింగ్, వీడియో క్యాప్షనింగ్ అంటారు. మెషీన్ లెర్నింగ్‌లో రెండు శాఖలు కలిసే చోటిది. బొమ్మలోని వస్తువులను గుర్తుపట్టడం కంప్యూటర్ విజన్ పని. వాటిని వాక్యంగా కూర్చడం భాషా సాంకేతికత పని. ఫొటోలో కుక్క, బంతి, పచ్చిక ఉన్నాయని చెబితే సగం పనే అయినట్టు. కుక్క బంతి వెంట పరుగెడుతోందా, బంతి పక్కన పడుకుని నిద్రపోతోందా అన్నది కూడా చెబితేనే అది క్యాప్షన్. పదిహేనేళ్లలో ఈ పరిశోధన చాలా దూరం వచ్చింది. యంత్రం రాసిన వాక్యం బాగుందో లేదో తేల్చే కొలమానాలు మాత్రం అంత దూరం రాలేదు.

తొలి పద్ధతులు వాక్యాన్ని ముక్కలుగా చూసేవి. 2010లో అలీ ఫర్హాదీ బృందం బొమ్మను వస్తువు, పని, స్థలం అనే మూడు అంశాలకు కుదించి, వాటికి దగ్గరగా ఉన్న వాక్యాన్ని ముందే రాసి ఉన్నవాటిలోంచి వెతికి ఇచ్చింది. 2011లో అమెరికాలోని స్టోనీబ్రూక్ పరిశోధకులు ‘బేబీ టాక్’ తెచ్చారు. అది వస్తువులను, వాటి రంగులను, ఏది దేని పక్కన ఉందన్న సంగతిని గుర్తించి, తయారుగా ఉన్న వాక్యంలోని ఖాళీలు నింపేది. అదే ఏడాది అక్కడివారే ఫ్లికర్ వెబ్‌సైట్‌లోని 10 లక్షల ఫొటోలను పోగేసి, కొత్త ఫొటోను పోలిన పాత ఫొటో కింది వాక్యాన్ని అరువు తెచ్చే పద్ధతినీ ప్రయత్నించారు. నింపిన వాక్యాలు ఒకే మూసలో ఉండేవి. అరువు వాక్యాలు సహజంగా ఉన్నా ఎదుటి ఫొటోకు అతికేవి కావు.

2012లో బొమ్మల్ని గుర్తుపట్టే ఇమేజ్‌నెట్ పోటీలో అలెక్స్‌నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ గెలిచాక, ఆ పనిలో న్యూరల్ నెట్‌వర్కులదే పైచేయి అయింది. 2014లో అనువాద రంగంలో మరో అడుగు పడింది. ఒక నెట్‌వర్క్ మూల వాక్యాన్ని చదివి అంకెల వరుసగా మారుస్తుంది, రెండోది ఆ అంకెల నుంచి మరో భాషలో వాక్యం పుట్టిస్తుంది. మూల వాక్యం ఉండాల్సిన చోట ఫొటోను పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన చాలామందికి ఒకేసారి వచ్చింది. 2014 చివరికల్లా గూగుల్, స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ, మైక్రోసాఫ్ట్, బైదూ బృందాలు కొద్ది వారాల తేడాతో తమ పత్రాలు బయటపెట్టాయి. వాటిలో ఓరియల్ విన్యాల్స్ తదితరులు గూగుల్‌లో రూపొందించిన ‘షో అండ్ టెల్’కు బాగా పేరొచ్చింది.

దాని పనితీరు ఇలా ఉంటుంది. ఫొటో మొదట గుర్తుపట్టే నెట్‌వర్క్‌లోకి వెళ్లి అంకెల వరుసగా బయటికొస్తుంది. ఆ వరుస రెండో నెట్‌వర్క్‌కు అందుతుంది. అది తనకు తెలిసిన వేల మాటల్లో ప్రతిదానికీ, వాక్యం దీనితో మొదలయ్యే అవకాశం ఎంత అని లెక్క కడుతుంది. ‘పచ్చికలో’ ఎంచుకుంటే, ఆ మాటను మళ్లీ తనకే ఇచ్చుకుని తర్వాతి మాటకు లెక్క మొదలుపెడుతుంది. ‘కుక్క’ వస్తుంది, ‘బంతి’ వస్తుంది, ‘వెంట’ వస్తుంది. వాక్యం ముగిసిందన్న గుర్తు వచ్చేదాకా ఇదే వరస. మధ్యలో ఒక్క దారినే పట్టుకోకుండా కొన్ని వాక్యాలను సమాంతరంగా పెంచి, చివరికి మొత్తం మీద ఎక్కువ అవకాశమున్నదాన్ని ఇస్తుంది.

ఇక్కడొక చిక్కుంది. ‘బంతి వెంట’ తర్వాత ‘పరుగెడుతోంది’ అన్న మాట ఫొటోను చూసి రావచ్చు. శిక్షణలో అలాంటి వాక్యాలు వేలసార్లు చూసిన అలవాటు కొద్దీ రావచ్చు. రెండింట్లో ఏది జరిగిందో వాక్యాన్ని చూసి చెప్పలేం. 2015లో మాంట్రియల్, టొరంటో పరిశోధకులు చేర్చిన ‘అటెన్షన్’ ఈ చిక్కును కొంత సడలించింది. వాళ్లు ఫొటోను 14 అడ్డం, 14 నిలువు చొప్పున 196 భాగాలు చేసి, ఒక్కో మాట రాసేటప్పుడు ఏ భాగానికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో నెట్‌వర్కే నేర్చుకునేట్టు చేశారు. ఏ మాట దగ్గర యంత్రం ఎటు చూసిందో బొమ్మ మీద వెలుగు మచ్చలుగా చూపించే వీలు కలిగింది.

ఏ నెట్‌వర్కైనా చూపిన ఉదాహరణల నుంచే నేర్చుకుంటుంది. అలాంటి ఉదాహరణల తొలి సంకలనాల్లో ఫ్లికర్ 8కేలో 8 వేల ఫొటోలు, ఫ్లికర్ 30కేలో 31 వేలకు పైగా ఉండేవి. మైక్రోసాఫ్ట్ కోకో లక్షా 23 వేల పైచిలుకు ఫొటోలను ఒక్కోదానికి ఐదేసి వాక్యాలతో శిక్షణ, పరీక్షల కోసం అందుబాటులోకి తెచ్చింది. ఆ వాక్యాలు రాసింది అమెజాన్ మెకానికల్ టర్క్ అనే ఆన్‌లైన్ వేదికలో పనికి కుదిరినవారు. వాళ్లకు నియమాలున్నాయి. వాక్యంలో కనీసం ఎనిమిది మాటలుండాలి. ముఖ్యమైనవన్నీ చెప్పాలి, అక్కర్లేని వివరాలు వదిలేయాలి. మనుషుల పేర్లు రాయకూడదు. ముందేం జరిగిందో, తర్వాతేం జరుగుతుందో ఊహించకూడదు. యంత్రాల క్యాప్షన్లు ఇన్నేళ్లూ ఒకే ధోరణిలో, పొడిపొడిగా ఉండడానికి ఈ నియమాలూ కారణమే. కోకో గుర్తించే 80 రకాల వస్తువుల్లో స్నోబోర్డు, ఫ్రిస్బీ, బేస్‌బాల్ బ్యాటు, పార్కింగ్ మీటరు, హాట్‌డాగ్ ఉన్నాయి. ఆటోరిక్షా లేదు, క్రికెట్ బ్యాటు లేదు, ఇడ్లీ లేదు.

ఇక కొలమానాల సంగతి. అనువాదాలను దిద్దడానికి 2002లో ఐబీఎం తెచ్చిన బ్లూ పద్ధతి యంత్రం వాక్యంలోని మాటలు మనుషుల వాక్యాల్లోని మాటలతో ఎంత కలిశాయో లెక్కిస్తుంది. క్యాప్షన్ల కోసమే 2015లో వచ్చిన సైడర్ అన్ని ఫొటోలకూ వాడే మాటలకు తక్కువ, ఈ ఫొటోకే ప్రత్యేకమైన మాటలకు ఎక్కువ విలువ ఇస్తుంది. ఆ ఏడాది కోకో పోటీలో గూగుల్ యంత్రానికి 0.943 సైడర్ మార్కులొచ్చాయి. మనుషులు రాసినవాటికి వచ్చింది 0.854. లెక్క ప్రకారం యంత్రం మనిషిని మించింది. అవే వాక్యాలను మనుషులకు చూపించి, ఇవి మనిషి రాసినవాటితో సమానంగానో మెరుగ్గానో ఉన్నాయా అని అడిగితే ఫలితం తారుమారైంది. యంత్రం వాక్యాల్లో 27.3 శాతం నెగ్గాయి, మనుషుల వాక్యాల్లో 63.8 శాతం. అందరూ రాసే మాటలే రాస్తే మార్కులు పడతాయి. ఎవరికీ తట్టని అసలు సంగతి పట్టుకుంటే పడవు.

2018లో అన్నా రోర్‌బాక్ తదితరులు వాక్యంలో ఉండి ఫొటోలో లేని వస్తువులను లెక్కపెట్టారు. మామూలు కొలమానాల్లో మంచి మార్కులు తెచ్చుకున్న నమూనాలు లేనివాటిని కల్పించడంలో తక్కువేమీ తినలేదని తేలింది. అదే ఏడాది ఆ బృందమే మరో పత్రంలో ఆడా మగా తేడాను పరిశీలించింది. బల్ల మీద కంప్యూటర్ కనిపిస్తే చాలు, ఎదుట కూర్చున్నది మగవాడని రాసే ధోరణి బయటపడింది. మనిషిని చూసి కాక, చుట్టూ ఉన్న సామాను చూసి తీర్పు చెప్పడమన్నమాట. మనిషి కనిపించనప్పుడు తేల్చకుండా ఉండడాన్ని కూడా యంత్రానికి నేర్పాలని ఆ పత్రం సూచించింది.

వీడియోలో కాలం తోడవుతుంది. తలుపు తీస్తున్నారా, వేస్తున్నారా అన్నది ఒక్క ఫ్రేము చూసి చెప్పలేం. 2015లో టెక్సస్ వర్సిటీ ఆస్టిన్‌లో సుభాషిణి వేణుగోపాలన్ బృందం ఫ్రేముల వరుసను చదివి మాటల వరుసను పుట్టించే నెట్‌వర్క్ కట్టింది. 2016లో మైక్రోసాఫ్ట్ 10 వేల క్లిప్పులు, 2 లక్షల వాక్యాలతో ఎంఎస్‌ఆర్-వీటీటీ సంకలనాన్ని విడుదల చేసింది. నిడివైన వీడియోలో ఏ ఘట్టం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పట్టుకుని, విడివిడిగా వర్ణించే పనికి 2017లో రంజయ్ కృష్ణ తదితరులు 20 వేల వీడియోలతో పునాది వేశారు. 2019 నాటి హౌటూ100ఎమ్ 13 కోట్లకు పైగా క్లిప్పులను వాటిలోని మాటలతో జత చేసింది. వంట వీడియోలో ‘ఉప్పు వేయండి’ అన్న మాట చేయి డబ్బా తెరిచే ముందే వినిపించవచ్చు. మాటనూ దృశ్యాన్నీ సరిగ్గా జతపరచడం ఇప్పటికీ కష్టమే.

డబ్బిచ్చి రాయించిన వాక్యాల స్థానంలోకి ఇంటర్నెట్‌లో దొరికే వాక్యాలు రావడం తర్వాతి మలుపు. 2018లో గూగుల్ వెబ్ పేజీల నుంచి 33 లక్షల ఫొటోలను క్యాప్షన్లతో సహా ఏరింది. 2021లో ఓపెన్‌ఏఐ ‘క్లిప్’ అనే నమూనాకు 40 కోట్ల ఫొటో-వాక్య జతలతో శిక్షణ ఇచ్చింది. 2022లో డీప్‌మైండ్ ఫ్లెమింగో, మరుసటి ఏడాది జీపీటీ-4 వచ్చేసరికి ఫొటో చూపించి ఏ ప్రశ్నైనా అడిగే వీలొచ్చింది. వాక్యాలు పేరాలయ్యాయి. పేరా పెరిగిన కొద్దీ లేనిది చొరబడే చోట్లూ పెరిగాయి.

ఈ పనికి అసలు వినియోగదారులు చూపు లేనివారు. 2016లో ఫేస్‌బుక్ వారికోసం ఫొటోలకు ఆటోమేటిక్ వివరణ మొదలుపెట్టినప్పుడు వాక్యం జోలికి పోలేదు. గట్టిగా గుర్తుపట్టగల సుమారు 100 అంశాల జాబితాతో సరిపెట్టింది. ఆ జాగ్రత్త అనవసరం కాదని 2017 నాటి ఒక అధ్యయనం తేల్చింది. యంత్రం రాసిన తప్పు క్యాప్షన్లను కూడా అంధులు నమ్మారు. సందర్భానికి అతకకపోతే, అతికేలా తామే వివరాలు ఊహించుకున్నారు. యంత్రం తనకు అంత నమ్మకం లేదని చెప్పినప్పుడు మాత్రం జాగ్రత్తపడ్డారు. 2020లో వచ్చిన విజ్‌విజ్ క్యాప్షన్ల సంకలనంలో అంధులే తీసిన 39 వేల ఫొటోలున్నాయి. కొన్ని మసకగా ఉంటాయి, కొన్నింటిలో వేలు అడ్డొస్తుంది, కొన్నింటిలో మందు సీసా లేబుల్ సగమే పడుతుంది. వాళ్లు అడిగేది పచ్చికలో కుక్క గురించి కాదు, సీసా మీద ఏం రాసుందని.

తెలుగులో శిక్షణకూ పరీక్షకూ తగిన ఫొటోలు, వాక్యాల కొరత ఇంకా పెద్దది. 2022లో గూగుల్ వెలువరించిన క్రాస్‌మోడల్-3600లోని 36 భాషల్లో తెలుగూ ఉంది. అందులోని క్యాప్షన్లు అనువాదాలు కావు, ఆయా భాషలవారు బొమ్మ చూసి నేరుగా రాసినవి. అయితే ఆ 3,600 ఫొటోలు పరీక్ష పెట్టడానికే చాలుతాయి. శిక్షణకు ఆ పరిశోధకులే ఇంగ్లిష్ క్యాప్షన్లను యంత్రంతో అనువదించి వాడారు. మాటలను పోల్చే కొలమానాలూ తెలుగుకు అమరవు. ‘చెట్టుకింద’ అని కలిపి రాసినా ‘చెట్టు కింద’ అని విడదీసినా తెలుగువారికి తేడా లేదు. బ్లూ లెక్కలో అవి కలవని మాటలు.

క్యాప్షన్‌ను ఐదుగురి వాక్యాలతో పోల్చి మార్కులేయడం పరిశోధన ఊపందుకోవడానికి ఉపయోగపడింది. దానికి ఆ మేరకే విలువ. ఇకపై అడగాల్సినవి మూడు. చెప్పింది ఫొటోలో ఉందా? వింటున్నవారికి కావలసింది అందులో ఉందా? తెలియనిచోట తెలియదని చెప్పిందా? తెలుగు క్యాప్షన్లను అమ్మకానికో సేవకో తెచ్చే సంస్థ ఏదైనా ఈ మూడింటికీ జవాబులను తెలుగువారు తీసిన ఫొటోల మీద, తెలుగు వినే అంధులతో పరీక్షించి చూపాలి.