బావికి హద్దెంత?

సోదరీమణులారా, ఈ మాసము మేము వ్రాయదలచినది వంటను గూర్చి కాదు, నోములను గూర్చియు కాదు. ఒక చట్టమును గూర్చి. చట్టమనగానే పుట త్రిప్పివేయవలదు. ఇది మన బిందెను ముట్టిన చట్టము.

2002వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ శాసనసభ జలమును, భూమిని, వృక్షములను కాపాడుటకై యొక చట్టము చేసినది. వాడుకలో దానిని వాల్టా చట్టమందురు. అంతకు పూర్వము త్రాగునీటి నిమిత్తము భూగర్భజలమును కాపాడుటకు 1996 నాటి చట్టమొకటి యుండెడిది. దాని స్థానమున మరింత విరివియైన యీ చట్టము వచ్చినది. దీని ననుసరించి రాష్ట్రమునకొక ప్రాధికార సంస్థ, జిల్లాకు కలెక్టరు అధ్యక్షతను వేరొకటి, మండలమునకు మరియొకటి. క్రొత్తగా బోరు వేయదలచినవారు ముందుగా అనుమతి పొందవలయును. ఉన్న బావులను నమోదు చేయింపవలయును. రిగ్గుబండి యజమానియు తన బండిని నమోదు చేయింపవలయును. నీరు మితిమీరి తోడబడినదని ప్రకటింపబడిన గ్రామములలో సేద్యమునకు క్రొత్త బోరు కూడదు. ఇవన్నియు పురుషుల వ్యవహారములని విడిచినను విడువుడు గాని, యొక్క నియమమును మాత్రము ప్రతి గృహిణియు కంఠస్థము చేయవలయును. పదిమంది త్రాగునీటికై యేర్పడిన బావికి గాని బోరుకు గాని 250 మీటర్లలోపల అనుమతి లేక మరియొక బావి త్రవ్వరాదు.

ఇంత హద్దేల యనువారికి మా మార్కాపురపు పలకయే జవాబు. మన పిల్లలు ఓనమాలు దిద్దిన పలకరాయి యిచ్చటి నేలలోనిదే. కంభము, మార్కాపురము ప్రాంతముల క్రింద పొరలు పొరలుగా పరచుకొనియున్నదియు ఆ జాతి రాయియే. అది యిసుకవలె నీటిని పీల్చి దాచుకొనునది కాదు. పగుళ్ళలోను పొరల సందులలోను నిలిచినంత నీరే మనది. రెండు బోరులు ఒకే పగులునకు తగిలినచో లోతైనది త్రాగును, లోతు తక్కువైనది యెండును. కుండకు అడుగున చిల్లు పెట్టిన పిమ్మట పైచిల్లునుండి నీరు వచ్చునా?

రెండేండ్ల క్రిందట మేముండు గ్రామమున నిట్లే జరిగినది. ఒక మోతుబరి తోటకు బోరు వేయించినాడు. రిగ్గుబండి రాత్రి వచ్చి తెల్లవారకముందే పోయినది. నలువది దినములైనను కాకమునుపే వీధి చేతిపంపు నీటికి మారుగా గాలి కక్కసాగినది. మా వారు బడినుండి టేపు తెచ్చి కొలువగా నడుమ దూరము 90 మీటర్లు. మేమే అర్జీ వ్రాసి, వీధిలోని స్త్రీలచే సంతకములును వ్రేలిముద్రలును వేయించి కచేరికి పంపితిమి. ఒక ఉద్యోగి వచ్చి, చూచి, వ్రాసికొని వెళ్ళెను. ఆ వ్రాత యేమైనదో తెలియదు. కడకు ఊరి పెద్దలు కూర్చుండి, ఆ తోట బోరునుండియే ప్రతి ఉదయము వీధికొక గంట నీరు విడుచునట్లు ఒప్పించిరి. నీరు వచ్చుచున్నది. కాని హక్కుగా రావలసినది దానముగా వచ్చుచున్నది. ఆయన యింట శుభకార్యమైన దినమున వీధికి నీరుండదు. అడుగుటకు నోరు రాదు.

పూర్వులు ఇట్టి సంగతుల నెరుగనివారు కారు. మహాభారతమున సభాపర్వములో నారదుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నలలో, రాజ్యమున చెరువులు నిండియున్నవా, సేద్యము కేవలము వానపై ఆధారపడి లేదు గదా యనునదియు నొకటి. గిద్దలూరునకు దక్షిణమున, కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువుకడ 1369 నాటి సంస్కృత శాసనము కలదు. మంచి చెరువునకు పండ్రెండంగములను, ఆరు దోషములను అందు చెప్పిరి. రెండు రాజ్యముల సరిహద్దున నుండుట యొక దోషము. నీరు స్వల్పమై నేల విస్తారమగుట మరియొకటి. ఈ రెండవ దోషము నేడు మా పడమటి మండలములన్నిటికిని పట్టినదే. మొదటిదియు లేకపోలేదు. నల్లమలలో పుట్టి, కంభము చెరువును నింపి, సముద్రమును చేరులోపల గుండ్లకమ్మ యెన్ని మండలముల హద్దులు దాటునో లెక్కింపుడు. నీటికి లేని హద్దులు కచేరీలకు కలవు. న్యూజిలాండు దేశమున 1989లో ప్రాంతీయ మండలుల నేర్పరచినపుడు నదుల పరీవాహములను బట్టి వాని హద్దులు గీచిరట. పోరుమామిళ్ళ శాసనకర్త విన్నచో సంతోషించియుండును. అన్నట్లు, కంభము చెరువును, పోరుమామిళ్ళ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు ప్రపంచ వారసత్వ కట్టడములుగా గుర్తించిరి.

చట్టముకంటె మాకు నచ్చినది వేరొకటి కలదు. 2003 తరువాత కొన్నియేండ్లు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, ప్రకాశముతో కూడ ఏడు కరువు జిల్లాలలో రైతులే తమ బావులలో నీటిమట్టము కొలుచుకొనిరి. వాన యెంత కురిసినదో, నీరెంత దిగినదో ఊరిలో బల్లమీద వ్రాసి పెట్టిరి. రబీ పంటకు ముందు అందరును కూర్చుండి, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలు త్రాగునదెంత యని జమాఖర్చు చూచెడివారు. దానిని నీటి బడ్జెట్టనిరి. ఎవరిని నిషేధించినది లేదు, జరిమానా లేదు. లెక్క కన్నులయెదుట నుండుటచే పలుచోట్ల వరి తగ్గించి ఆరుతడి పంటలు వేసిరి. సంతవెచ్చము లెక్క చూచుకొను గృహిణికి ఇందులో తెలియని విద్య యేమున్నది? అర్జీలు కచేరీలలో నిదురించును. గోడమీది అంకె ప్రతిదినము కనబడుచునే యుండును. కనుక అట్టి బల్ల ప్రతి గ్రామమున నుండవలయునని మా యభిప్రాయము.

కృష్ణ వచ్చును గదా, ఈ లెక్కలేల యనువారు కలరు. వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగినది. రెండు సొరంగములును త్రవ్వుట ముగియుటకు 2024 వరకు పట్టినది. ఆ నీటిని తలచుకొని యీ దినపు బోరు లెక్క మానరాదు.

ఇక, కనిగిరి వైపునుండి యొక సోదరి వ్రాసిన జాబు. ఏడేండ్ల కుమార్తె పండ్లపై పసుపుచారలు వచ్చినవట; నీరు కాచి త్రాగించిన పోవునా యని యడిగినారు. పోదు. కాచుటచే క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది అది మరింత చిక్కబడును. గుడ్డతో వడగట్టినను ఫలము లేదు. 1937లో వైద్యులు మన దేశమున ఈ వ్యాధిని తొలిసారిగా గుర్తించి వ్రాసినది అప్పటి నెల్లూరు జిల్లాలోని మీ ప్రాంతమును గూర్చియే. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాముకు మించకుండుట మేలు. వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నరవరకు అనుమతించిరి. పటిక, సున్నము కలిపి దానిని తొలగించు పద్ధతి యున్నది గాని, నీటిని పరీక్షింపక పాళ్ళు తెలియవు. ఇంట ఉజ్జాయింపుగా చేయవలదు. మొదట చేయవలసినది, మీరు త్రాగు బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖవారిచే పరీక్ష చేయించి, అంకెయు తేదియు వ్రాసిన కాగితము తీసికొనుట. ఎక్కువయని తేలినచో, బాలిక త్రాగునీటికిని వంటనీటికిని మాత్రమైనను వేరు నీరు తెచ్చుకొనుడు. స్నానమునకును అంట్లకును ఆ బోరు నీరు వాడవచ్చును. కాగితమువచ్చిన పిమ్మట అందలి అంకెను మాకు వ్రాయుడు.