పదహారు గంటల మేజోళ్ళు

చేత్తో అల్లిన మేజోళ్ళు మన తెలుగువాళ్ళెవరికైనా ఒక జత ఇచ్చి చూడండి. మూడు మాటల్లో ఏదో ఒకటి ఖాయంగా వినపడుతుంది. మొదటిది: "ఇంత కష్టం ఎందుకండీ, వాల్‌మార్టులో పది డాలర్లకి అరడజను జతలొస్తాయిగా!" రెండోది: "మీకింత ఖాళీ ఎక్కడ దొరుకుతోందండీ బాబూ!" మూడోది కాస్త మెచ్చుకోలుగా: "ఇంత బాగా చేస్తున్నారు, అమ్ముకోవచ్చుగా!"

ఈ మాటలన్నవాళ్ళంతా మంచివాళ్ళే, నా మేలు కోరేవాళ్ళే. కానీ మూడు మాటల అడుగునా ఉన్న లెక్క ఒక్కటే: వస్తువుకి ఒక రేటు, గంటకి ఒక రేటు, రెంటికీ పొంతన కుదరకపోతే చేసినవాడు అమాయకుడు. ఈ లెక్కతోనే నాకు తగాదా.

నేను గంట లెక్కన బిల్లు పంపుకుని బతికే సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని, కాబట్టి గంటల లెక్క నాకెవరూ నేర్పనక్కర్లేదు. ఉండేది మినెసోటాలో. నవంబరులో దిగిన చలి ఏప్రిల్ దాకా కదలదు. మా ఊరి లైబ్రరీలో వారానికోసారి అల్లికలవాళ్ళు చేరతారు, వాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. ఏడాదికి ఏడెనిమిది జతలు, అన్నీ ఇంట్లోవాళ్ళకే. మగవాడు మేజోళ్ళు అల్లడమేమిటని నవ్వేవాళ్ళకి ఒక్క ముక్క: ఒకప్పుడు యూరప్‌లో ఈ పనికి వృత్తిసంఘాలుండేవి, వాటిలో పెత్తనమంతా మగవాళ్ళదే. ఇక నవ్వుకోండి.

పని ఎలా ఉంటుందో తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. రెండుంపావు మిల్లీమీటర్ల మందం సూదులు ఐదు. ముప్పాతిక వంతు ఉన్ని, పావు వంతు నైలాన్ కలిసిన దారం, జతకి నూరు గ్రాముల ఉండ ఒకటి. కాలి చుట్టూ 64 కుట్లు, మడమ మలుపు కూడా కలుపుకుంటే ఒక్కో మేజోడుకి సుమారు 150 వరసలు. అంటే ఒకదానికి 9,600 కుట్లు, జతకి 19,200. నిమిషానికి ఇరవై కుట్ల చొప్పున వేసుకుంటే సరిగ్గా పదహారు గంటలు. ఈ పదహారు గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

ఇప్పుడు మొదటి మాట. పది డాలర్లకి ఆరు జతలు వస్తాయి, నిజమే. ఎవరి పాదానికి?

మా అమ్మకి షుగరుంది. సాయంత్రమయ్యేసరికి ఎడమ పాదం వాస్తుంది, కుడిది వాయదు. కొట్లో కొన్న మేజోడు ఎలాస్టిక్ ఆవిడ పిక్క మీద గాడి పెడుతుంది. లోపల వేళ్ళ దగ్గర కుట్టు ఒరుసుకుంటుంది. షుగరువాళ్ళలో చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది కాబట్టి ఒరుసుకున్న సంగతి వాళ్ళకే తెలియదు. చిన్న పొక్కు పుండయ్యాకే తెలుస్తుంది. అందుకే రోజూ పాదాలు చూసుకోమని డాక్టర్లు చెప్పేది. షుగరువాళ్ళ మేజోళ్ళని కొట్లో విడిగా అమ్ముతారు, అవీ మంచివే. కానీ ఏ ప్యాకెట్లోనైనా రెండూ ఒకే కొలతలో ఉంటాయి. అమ్మకి నేను అల్లే జతలో ఎడమదానికి 72 కుట్లు, కుడిదానికి 64. పై అంచు వదులు. వేళ్ళ దగ్గర రెండు వైపుల కుట్లనీ సూదితో ఒకదాన్నొకటి కలిపేస్తే కుట్టిన గీతే కనపడదు. ఆ పద్ధతికి కిచెనర్ కుట్టు అని పేరు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే బ్రిటన్ యుద్ధమంత్రి అయిన కిచెనర్ పేరే అది. అంతకుముందు 1902 నుంచి 1909 దాకా మన దేశంలో సర్వసేనానిగా ఉన్నదీ ఆయనే.

ఫ్యాక్టరీని తిట్టడం నా ఉద్దేశం కాదు. లక్షమంది పాదాలకి దాదాపుగా సరిపోవడం దాని పని. నాకు ఒక్క పాదానికి సరిపోతే చాలు. రెండూ వేరు వేరు పనులు. ఒకదాని ధర చూపించి రెండోదాన్ని ఎద్దేవా చేయడం ఏం న్యాయం?

ఈ మాట ఆఫీసులో అంటే "నువ్వు లడ్డైట్‌వి" అని నవ్వుతారు. యంత్రాన్ని చూస్తే భయపడే మొద్దు అని వాళ్ళ అర్థం. సరే, లడ్డైట్లు పగలగొట్టిన యంత్రాలు ఏమిటో తెలుసా? మేజోళ్ళ మగ్గాలు! ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌షైర్‌లో 1589లో విలియం లీ అనే ఆయన మేజోళ్ళు అల్లే మగ్గం కనిపెట్టాడు. లడ్డైట్ల గొడవ మొదలైంది అదే జిల్లాలో, 1811లో. మధ్యలో రెండు వందల ఏళ్ళకి పైగా ఆ మగ్గాల మీదే బతికిన జనం వాళ్ళు. యంత్రం అంటే వాళ్ళకి భయమెందుకుంటుంది? వాళ్ళ కోపం వేరే. కొందరు యజమానులు వెడల్పు మగ్గాల మీద గుడ్డ నేయించి, దాన్ని కత్తిరించి, అంచులు కుట్టేసి మేజోళ్ళని అమ్మారు. అవి కుట్ల దగ్గర ఊడిపోయేవి, సరుకుకీ పనివాళ్ళకీ పేరు చెడేది. కూలీ కూడా కోసేశారు. 1812లో పార్లమెంటు మగ్గం పగలగొడితే ఉరి అని చట్టం చేసింది. ప్రభువుల సభలో ఆ బిల్లుని వ్యతిరేకించినవాళ్ళలో కవి బైరన్ ఒకడు. ఆ సభలో ఆయన తొలి ప్రసంగం అదే. కాబట్టి నన్ను లడ్డైట్ అంటే నేను నొచ్చుకోను. కోడ్ రాసే యంత్రాలొచ్చాక మా ఆఫీసు క్యాంటీన్లో వినపడే మాటలు వింటుంటే, రెండు వందల ఏళ్ళ కిందటి ఆ పనివాళ్ళ బాధ ఇప్పుడు అందరికీ అర్థమవుతున్నట్టే ఉంది.

రెండో మాట: ఖాళీ. రెండు వన్డే మ్యాచిలు టాసు నుంచి ప్రెజెంటేషను దాకా చూస్తే పదహారు గంటలు. చూసినవాణ్ణి "ఇంత ఖాళీ ఎక్కడిది" అని ఎవరైనా అడిగారా? అడగరు. ఎందుకంటే చివర్లో వాడి చేతిలో లెక్కగట్టడానికి ఏ వస్తువూ ఉండదు.

ఇంకో తమాషా ఉంది. నేను అల్లితే "మీ గంట రేటుతో చూస్తే ఎంత నష్టం!" అంటారు. మా మేనత్త అల్లితే "పోనీలే, ఖాళీగా కూర్చోకుండా ఏదో ఒకటి" అంటారు. ఆవిడది నరసాపురం దగ్గర పల్లెటూరు. కొక్కెం సూదితో లేసు అల్లుతుంది. నా చేతిలో ఖరీదైన గంట ఆవిడ చేతికి వెళ్ళేసరికి సున్నా ఎలా అయింది? అవే వేళ్ళు, అదే మెడనొప్పి, ఆవిడ పనితనం నాకంటే పదిరెట్లు మేలు.

ఈ సున్నా సరదా విషయం కాదు. నరసాపురం లేసు గురించి మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. వేలమంది ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని లేసు అల్లితే అది విదేశాలకి ఎగుమతయ్యేది, వ్యాపారులు బాగుపడేవారు, అల్లినవాళ్ళకి దక్కేది బహు స్వల్పం. అంత తక్కువ ఇచ్చి సరిపెట్టడం ఎలా కుదిరింది? వాళ్ళు కూలీలు కారు, ఇల్లాళ్ళు, తీరిక వేళల్లో ఏదో చేసుకుంటున్నారు అనే ఒక్క సాకుతో. "ఖాళీ" అన్న చిన్న మాట ఎంతమంది కడుపు కొట్టగలదో అక్కడ చూడొచ్చు. ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. మా మేనత్త చేతికి ఆ సంతోషం ఎంత చేరిందంటే మాత్రం, పెద్దగా ఏమీ లేదు. అందుకే చేతిపని చేసేవాళ్ళని, ముఖ్యంగా ఆడవాళ్ళని, "ఖాళీయా?" అని అడగకండి. ఆ ప్రశ్నలో ఎగతాళి కంటే పెద్ద దోషం ఉంది.

మూడో మాట: అమ్ముకోవచ్చుగా. సరే, అమ్ముదాం. నా బిల్లు రేటు పక్కన పెట్టండి. అమెరికా ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచీ గంటకి 7.25 డాలర్లు. పదహారు గంటలకి 116. మంచి దారానికి పాతిక కలపండి. జత 141 డాలర్లు. కొంటారా? కొనరు, నాకు తెలుసు. ఆ ధరకి అడిగితే నన్ను దొంగంటారు, నలభైకి అమ్మితే గంటకి డాలరు కూలీకి చేసినట్టు. నా మేనత్తకి జరుగుతున్నది తప్పని అంటూ నేను అదే పని నాకు చేసుకోనా? పైగా అమ్మకానికి పెడితే ఎడమకాలికి 72, కుడికాలికి 64 కుట్లు వేసిన జత ఎవరు కొంటారండీ? ఆ జత విలువంతా ఒకే ఒక్క మనిషికి.

అసలు బహుమతికి ధర చీటీ అంటించే అలవాటు మనదే. ఇండియా వెళ్ళేటప్పుడు ఇరవైమూడు కిలోల సూట్‌కేసులు రెండు. వాటిలో బాదంపప్పు, చాక్లెట్లు, సెంట్లు, వాచీలు. ఎవరికి ఎన్ని డాలర్లది ఇచ్చామో మనకి గుర్తే, తీసుకున్నవాళ్ళకీ గుర్తే. "వాళ్ళకి వాచీ తెచ్చాడు, మనకి మేజోళ్ళట" అని ఎవరైనా మూతి తిప్పితే వాళ్ళననేం లాభం? ఇన్నేళ్ళుగా రూపాయిల్లోకి మార్చి చూసుకునే వస్తువులే ఇచ్చి అలవాటు చేసింది మనం.

అవతలివైపు న్యాయం కూడా చెప్పాలి. చేత్తో చేసినంత మాత్రాన ఏదీ పవిత్రమైపోదు. మే నెలలో బెజవాడలో ఉండే మనిషికి ఉన్ని మేజోళ్ళిచ్చి, వేసుకుని ఫోటో పంపమని వెంటపడితే అది బహుమతి కాదు, శిక్ష. అందుకే నేను ముందు అడుగుతాను, పాదం కొలుస్తాను, తర్వాతే సూదులు తీస్తాను. మా బావగారు "నాకొద్దయ్యా, నాకు చెప్పులే హాయి" అన్నారు, ఆయనకి అల్లలేదు. రాజమండ్రిలో మా నాన్నకి నూలు కలిసిన దారంతో, బొటనవేలు విడిగా ఉండేట్టు అల్లాను, డిసెంబరులో తెల్లవారుజామున చెప్పులు వేసుకునే నడకకి వెళ్తారు కాబట్టి. ఇది నా తెలివేం కాదు. ఈజిప్టులో దొరికిన ఎర్రటి మేజోళ్ళ జత ఒకటి లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఒంటిసూది పనితనం. చెప్పుల్లో వేసుకోవడానికి బొటనవేలు విడిగా ఉంటుంది. పదిహేను వందల ఏళ్ళకి పైబడిన వస్తువు. ఎవరో ఎవరి పాదమో చూసి చేశారు.

చివరగా నాలుగో మాట ఒకటుంది. మా వదిన అన్నది: "ఎంత బావున్నాయో! బీరువాలో భద్రంగా దాచానయ్యా." మిగతా మూడింటికంటే ఈ మాటే నాకు కష్టంగా తోస్తుంది. మేజోళ్ళు బీరువాలో ఉండాల్సినవి కావు. ఉన్ని బీరువాలో పెడితే చిమటలకి పండగ. వేసుకోండి. మడమ దగ్గర పల్చబడేదాకా వేసుకోండి. చిల్లు పడితే పారేయకుండా నాకు పంపండి. రఫ్ఫు చేసి పంపుతాను, పోస్టు ఖర్చులు నావే.