యాప్ సంగతి తర్వాత.. ముందు పదిమందిని కూర్చోబెట్టండి!

హైదరాబాద్ అశోక్‌నగర్, చిక్కడపల్లి గల్లీల్లో గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్నవాళ్లను ఒక మాట అడిగి చూడండి. రూమ్‌లో మంచం ఉంది, ఫ్యాన్ ఉంది, పుస్తకాలూ ఉన్నాయి. అయినా నెలనెలా డబ్బు కట్టి రీడింగ్ రూమ్‌లో కుర్చీ ఎందుకు తీసుకున్నారు? ‘రూమ్‌లో ఉంటే చదువు సాగదన్నా’ అనే జవాబే ఎక్కువగా వస్తుంది. అక్కడ పాఠం చెప్పేవాళ్లెవరూ ఉండరు. పక్క కుర్చీలో ఇంకొకరు తల వంచుకుని చదువుతుంటారు, అంతే. ఆ ‘అంతే’ కోసమే వాళ్లు డబ్బు కడుతున్నారు.

ఆన్‌లైన్ కోవర్కింగ్ కూడా ఇదే. కుర్చీ బదులు వీడియో కాల్ ఉంటుంది. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు, ఫ్రీలాన్సర్లు చెప్పిన టైమ్‌కు అందులోకి వస్తారు. ఈ గంటలో ఏం పూర్తిచేస్తారో ఒక్క ముక్కలో చెప్తారు. మైకులు ఆపేసి ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. గంట అయ్యాక ఎంతవరకు వచ్చిందో చెప్పి వెళ్లిపోతారు. ఈ గది నడిపేవాళ్లకు నెలవారీ ఫీజు కడతారు.

క్యాంపస్ ప్లేస్‌మెంట్ రాక, ఆఫర్ లెటర్ వచ్చినా జాయినింగ్ డేట్ రాక ఎదురుచూస్తున్నవాళ్లలో చాలామంది ‘పెట్టుబడి లేని బిజినెస్’ రీల్స్ చూస్తుంటారు. అందులో ఇదీ ఒకటిగా కనిపిస్తుంది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇది తక్కువ ఖర్చుతో మొదలుపెట్టగల వ్యాపారమే, లాభమూ వస్తుంది. కానీ నిద్రపోతుంటే డబ్బు వచ్చిపడే వ్యవహారం మాత్రం కాదు. ఇక్కడ మీరు అమ్మేది సాఫ్ట్‌వేర్ కాదు, రోజూ అదే టైమ్‌కు తలుపు తీసే మీ క్రమశిక్షణ.

పక్కన మనిషి ఉంటే పని ఎందుకు సాగుతుంది?

దీని వెనక కొంత సైకాలజీ ఉంది. 1898లోనే నార్మన్ ట్రిప్లెట్ అనే అమెరికన్ ఒంటరిగా తొక్కే సైక్లిస్టుల కంటే ఇతరులతో కలిసి తొక్కేవాళ్లు వేగంగా వెళ్తున్నారని గమనించి, పిల్లలతో ప్రయోగం చేసి చూశాడు. 1965లో రాబర్ట్ జాయోంట్స్ అనే సైకాలజిస్టు ఇంకో మెలిక చెప్పాడు. పక్కన మనుషులుంటే మనకు బాగా అలవాటైన పని చురుగ్గా సాగుతుంది. కొత్తది, కష్టమైనది నేర్చుకునేటప్పుడు మాత్రం అదే అడ్డమూ కావచ్చు.

ఈ మెలిక మీ వ్యాపారానికి పనికొస్తుంది. మీ గదికి వచ్చేవాళ్లకు ఎలాంటి పని తెచ్చుకోవాలో చెప్పాలి. వాయిదా పడుతున్న రిపోర్టు, ఎడిటింగ్, ఇన్‌వాయిస్‌లు, మెయిల్స్ లాంటివి తెచ్చుకోమనండి. ‘మా దగ్గరికొస్తే ఏదైనా రెట్టింపు వేగంతో అయిపోతుంది’ అని ప్రచారం చేస్తే మొదటి నెలలోనే నమ్మకం పోతుంది.

బయటి దేశాల్లో ఈ వ్యాపారం కొత్తది కాదు. అమెరికాలో మొదలైన ఫోకస్‌మేట్ ఇద్దరిద్దరిని జతచేస్తుంది. కేవ్‌డే, ఫ్లో క్లబ్ లాంటివి హోస్టు నడిపే గ్రూపు సెషన్లు పెడతాయి. పద్ధతులు వేరైనా నిర్ణీత సమయం, చెప్పి చేయడం, మళ్లీ వచ్చి లెక్క చెప్పడం అన్నిట్లోనూ ఉన్నాయి. ఈ మూడింటికీ మీరు సొంతంగా యాప్ కట్టాల్సిన పని లేదు.

నేను చేసిన తప్పులు

2020 లాక్‌డౌన్‌లో ఊరికి వచ్చి ఇంటి నుంచి పనిచేస్తున్నప్పుడు నేనూ ఇలాంటి గది ఒకటి మొదలుపెట్టాను. వాట్సాప్‌లో లింక్ పెడితే మొదటి రోజు పద్నాలుగు మంది వచ్చారు. మూడో వారానికి మిగిలింది ఇద్దరం. అందులో ఒకణ్ని నేనే.

ఎందుకలా అయిందో ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. టైమ్ రోజుకోలా ఉండేది. మొదటి పావుగంట కరోనా కబుర్లతోనే పోయేది. అన్నిటికంటే ముఖ్యంగా అది ఫ్రీ. రాకపోయినా ఎవరికీ పోయేదేమీ లేదు.

కొన్ని నెలల తర్వాత మళ్లీ ప్రయత్నించాను. ఈసారి ఉదయం 6 గంటలకే, ఆదివారం తప్ప రోజూ. నెలకు 99 రూపాయలు. ఎనిమిది మంది చేరితే ఆరుగురు మూడు నెలలు నిలిచారు. డబ్బు చిన్నదే. కానీ కట్టినవాళ్లు రాలేని రోజు ముందే మెసేజ్ పెట్టేవారు. ఫ్రీ గ్రూపులో ఆ మర్యాద ఒక్కసారీ చూడలేదు.

అది కూడా ఆగిపోయింది. నా షిఫ్టు మారింది, ఆరింటికి నేను లేవలేకపోయాను. నా బదులు గది తెరిచే రెండో మనిషిని తయారుచేసుకోలేదు. నేను లేకపోతే ఒక్కరోజు కూడా నడవనిదాన్ని వ్యాపారం అనలేమని అప్పుడు అర్థమైంది.

కాగితం తీయండి, లెక్క వేద్దాం

నెలకు 199 రూపాయల ఫీజు, 30 మంది మెంబర్లు అనుకుందాం. వచ్చేది 5,970. పేమెంట్ గేట్‌వే 2 శాతం చార్జీ, దానిమీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటే సుమారు 141 పోతుంది. వీడియో కాల్ పెయిడ్ ప్లాన్‌కు 1,500, ఇంటర్నెట్‌కు 700 వేసుకోండి. మిగిలేది 3,629.

ఇప్పుడు మీ టైమ్ లెక్క. రోజుకు రెండు గంటల చొప్పున 26 రోజులు హోస్టు చేస్తే 52 గంటలు. మెసేజ్‌లు, కొత్తవాళ్లతో మాట్లాడటం, పోస్టులు పెట్టడం కలిపి ఇంకో 20 గంటలు. మొత్తం 72 గంటలకు 3,629 అంటే గంటకు 50 రూపాయలు. ట్యూషన్ చెప్పుకున్నా అంతకంటే ఎక్కువ వస్తుందంటారు. నిజమే!

అదే 120 మంది ఉంటే? వచ్చేది 23,880. గేట్‌వే చార్జీ, మిగతా ఖర్చులు అవే ధరలతో తీసేస్తే 21 వేల పైచిలుకు మిగులుతుంది. పని వంద గంటలకు పెరిగినా గంటకు 210 రూపాయలు పడుతుంది. ఎందుకంటే పదిమంది ఉన్న గది నడపడానికీ, నలభై మంది ఉన్న గది నడపడానికీ మీకు పట్టే టైమ్ దాదాపు ఒక్కటే. ఈ వ్యాపారంలో లాభం దాక్కుని ఉన్నది ఇక్కడే.

ఇంకో రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. ఈ లెక్క ప్రకారం పన్నెండో మెంబర్ వచ్చేదాకా మీ జేబు నుంచే ఖర్చు. నెలకు 30 మందిలో ఐదుగురు మానేస్తే, ఐదుగురు కొత్తవాళ్లు వస్తేనే మీరు ఉన్నచోట ఉంటారు. అందుకే కొత్తవాళ్ల కోసం ప్రకటనలకు ఖర్చుపెట్టే ముందు, వెళ్లిపోయినవాళ్లకు ఫోన్ చేసి ఎందుకు వెళ్లారో అడగండి.

మొదట్లో పెయిడ్ ప్లాన్ కూడా అక్కర్లేదు. జూమ్ ఉచిత ప్లాన్‌లో 40 నిమిషాలు, గూగుల్ మీట్ ఉచిత ప్లాన్‌లో గ్రూపు కాల్‌కు 60 నిమిషాల పరిమితి ఉంది. 50 నిమిషాల సెషన్ పెట్టుకుంటే మీట్‌తో పని జరిగిపోతుంది. ఆఫీసు గదులు అద్దెకు తీసుకుని కోవర్కింగ్ నడిపిన అమెరికా వీవర్క్ 2023 నవంబరులో దివాలా పిటిషన్ వేసింది. దాని నడుం విరిచినవాటిలో దీర్ఘకాల అద్దెల భారం ముఖ్యమైనది. మీకు అద్దె లేదు, మంచిదే. కానీ మీ మెంబర్‌కూ మిమ్మల్ని వదిలి వెళ్లడం ఒక్క క్లిక్ పని. యూట్యూబ్‌లో ‘స్టడీ విత్ మీ’ వీడియోలు ఫ్రీగా ఉన్నాయి. వాటిలో లేనిది ఒక్కటే. ‘నిన్న రాలేదేంటి?’ అని పేరు పెట్టి అడిగే మనిషి!

ఎవరి కోసం?

‘రిమోట్ వర్కర్లందరి కోసం’ అని పోస్టర్ వేస్తే ఎవరూ తమ కోసమే అనుకోరు. ఒక గుంపును పట్టుకోండి. ఇంటి నుంచి పనిచేసే మెడికల్ కోడర్లు, వీడియో ఎడిటర్లు, అనువాదకులు, పిల్లలు పుట్టాక మళ్లీ ఉద్యోగానికి సిద్ధమవుతున్న మహిళలు.. వీళ్లలో మీకు తెలిసినవాళ్లు ఎవరో చూసుకోండి. అమెరికాలోని తెలుగువాళ్లూ ఉన్నారు. వేసవిలో డల్లాస్‌లో ఉదయం 9 అయితే మనకు రాత్రి 7:30. అక్కడ ఒంటరిగా ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్లకు ‘ఏమండీ, ఇవాళ ఏం చేస్తున్నారు?’ అని తెలుగులో పలకరించే గది విలువ వేరు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను. మీ క్లాస్‌మేట్స్ దగ్గర డబ్బు తీసుకోకండి. వాళ్లూ మీలాగే ఉద్యోగం వెతుక్కుంటున్నారు. వాళ్లతో రెండు వారాలు ఫ్రీగా నడిపి హోస్టు చేయడం నేర్చుకోండి. ఫీజు జీతం ఉన్నవాళ్ల దగ్గర తీసుకోండి.

కెమెరా ఉందంటే బాధ్యత ఉంది

మీ గదిలోకి వచ్చేవాళ్లు తమ ఇంటి గోడల లోపలికి మిమ్మల్ని రానిస్తున్నారు. ఒక్క స్క్రీన్‌షాట్ బయటికి వెళ్తే గది మూతపడటమే కాదు, ఒకరి జీవితం ఇబ్బందుల్లో పడొచ్చు. అందుకే మొదటి రోజు నుంచే నియమాలు ఉండాలి. రికార్డింగ్ ఉండకూడదు. మెంబర్ల మధ్య ప్రైవేట్ చాట్ ఆపేయాలి. పేరు తెలియనివాళ్లను లోపలికి రానివ్వకూడదు. కెమెరా ముఖం వైపే ఉండాలి, కంపెనీ స్క్రీన్ వైపు కాదు. కెమెరా ఆపుకోవాలనుకునేవాళ్లను ఎందుకని అడగకూడదు. ఫోన్ నంబర్లు, మెయిల్ ఐడీలు మీ దగ్గర ఉంటాయి కాబట్టి 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి కూడా చదువుకోండి.

డబ్బు విషయంలోనూ అంతే. చేరడం తేలిక, మానేయడం కష్టం అన్నట్టు సబ్‌స్క్రిప్షన్ పెట్టడాన్ని కేంద్రం 2023లో తెచ్చిన ‘డార్క్ ప్యాటర్న్స్’ మార్గదర్శకాలు తప్పుగా గుర్తించాయి. మొదటి మూడు నెలలు ఆటోపే జోలికే వెళ్లకండి. నెలనెలా యూపీఐ లింక్ పంపండి. మళ్లీ కట్టారంటే మీ గది నచ్చినట్టు. అంతకంటే నిజాయతీ గల ఫీడ్‌బ్యాక్ ఉండదు.

కాగితాల పని పెద్దగా ఉండదు. ఒక్కరే నడిపే సంస్థగా మొదలుపెట్టొచ్చు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం, ఫీజు అడిగే సైట్లను నమ్మకండి. సేవల వ్యాపారానికి సాధారణంగా ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం ఉండదు. విదేశాల నుంచి ఫీజులు వస్తుంటే మాత్రం ఒకసారి ఆడిటర్‌ను అడగండి. ఇంటి ఖర్చులకు, దీనికి ఒకే ఖాతా వాడకండి.

90 రోజులు చూడండి

ఉద్యోగ ప్రయత్నాలు ఆపి ఇందులో దిగమని నేను చెప్పను. రోజుకు రెండు గంటలు, 90 రోజులు ఇవ్వండి. మొదటి రెండు వారాలు స్నేహితులతో ప్రాక్టీస్. ఆ తర్వాత నెల రోజుల్లో డబ్బు కట్టే పదిమందిని తెచ్చుకోవాలి. మూడో నెలకల్లా మీరు లేని రోజు గది తెరిచే మెంబర్ ఒకరిని తయారుచేయాలి, వాళ్లకు ఫీజు మాఫీ చేస్తే చాలు. 90వ రోజున చూసుకోండి. పదిమందిలో ఆరుగురైనా మళ్లీ కట్టారా? కడితే ముందుకు వెళ్లండి, అప్పుడు యాప్ గురించి ఆలోచించొచ్చు. లేదంటే మొహమాటపడకుండా మూసేయండి. మిగిలిన రోజుల ఫీజు తిరిగిచ్చి మరీ మూసేయండి.

మూసేసినా ఉత్త చేతులతో రారు. ‘లీడర్‌షిప్ క్వాలిటీస్ ఉన్నాయి’ అని రెజ్యూమెలో రాసేవాళ్లు చాలామంది. ‘90 రోజుల్లో ఇన్ని సెషన్లు నడిపాను, ఇంతమంది డబ్బు కట్టారు, ఇంతమంది ఎందుకు మానేశారో నాకు తెలుసు’ అని చెప్పగలిగేవాళ్లు తక్కువ. కస్టమర్ సక్సెస్, కమ్యూనిటీ మేనేజర్, ఆపరేషన్స్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో ఈ మాటకు బరువుంటుంది. ఉద్యోగం వచ్చాక కూడా దీన్ని కొనసాగించాలనుకుంటే, సంతకం చేసేముందు ఆఫర్ లెటర్‌లో సొంత వ్యాపారంపై ఆంక్షలు ఉన్నాయేమో చదవండి.

ఇక పేరేం పెట్టాలి, లోగో ఎలా ఉండాలి అని వారం రోజులు తర్జనభర్జన పడకండి. రేపు ఉదయం 6 గంటలకు ఒక లింక్ తెరిచి, ముగ్గురికి పంపండి. ఎల్లుండి కూడా అదే టైమ్‌కు తెరవండి. ఇరవయ్యో రోజున ఒక్కరే వచ్చినా నవ్వుతూ ‘గుడ్ మార్నింగ్, ఇవాళ ఏం పూర్తిచేద్దాం?’ అనగలిగితే ఈ వ్యాపారం మీకు సరిపోతుంది.