‘కవ్వా’ అన్న బిడ్డకు సున్నా మార్కులు

శిశు వికాస శాస్త్రంలో స్నాతకోత్తర విద్య అభ్యసిస్తున్నామని చెప్పినప్పుడల్లా మంగళగిరిలోని మా బంధువర్గం నుంచి మాకు ఎదురైన ప్రశ్న ఒక్కటే: “పిల్లల్ని ఆడించడానికి కూడా పీజీ కావాలా?” బీఈడీ చేస్తే డీఎస్సీ రాయవచ్చు, నర్సింగ్ చదివితే ఎయిమ్స్ మన ఊళ్లోనే ఉంది, ఈ చదువు ఎందుకు పనికొస్తుందని వారి సందేహం. ఎనిమిది మందిని కని, పెంచి, పెద్ద చేసిన దాదీ ఏ కళాశాలకు వెళ్లిందని మరికొందరి వాదన. ఆ రోజుల్లో మేము పాఠ్యపుస్తకంలోని నాలుగు వాక్యాలు అప్పగించి ఊరుకునేవాళ్లం. ఆ ప్రశ్నకు సరైన సమాధానం ఆ చదువు పూర్తికావస్తున్న తరుణంలో, అదీ మా పొరపాటు వల్లనే దొరికింది.

పరిశోధనా వ్యాసం కోసం పాత పేటలోని అంగన్‌వాడీ కేంద్రాలలో మూడు నుంచి అయిదేళ్ల పిల్లల భాషా వికాసాన్ని పరిశీలించే పని పెట్టుకున్నాము. పది బొమ్మల కార్డులు, ఒక పత్రం, ఒక పెన్సిలు. కాకి బొమ్మ చూపి “ఇదేమిటి?” అని అడగాలి, చెబితే ఒక మార్కు, చెప్పకపోతే సున్నా. ఒక కేంద్రంలో నాలుగేళ్ల బాబు ఉన్నాడు. తండ్రి తోపుడు బండి మీద పండ్లు అమ్ముతాడు. తల్లి ఇంటి దగ్గర చీరలకు ఫాల్స్ కుడుతుంది. పది కార్డులు చూపినా ఆ బాబు నోరు విప్పలేదు. “వాడంతేనండీ, చేరి మూడు నెలలైంది, ఒక్క మాట పలకలేదు” అన్నది టీచరు. మేము పది సున్నాలు వేసి, కింది గడిలో ‘వికాసంలో జాప్యం’ అని రాశాము.

మరునాడు తల్లి సంతకం కోసం వారి ఇంటికి వెళ్లాము. ఆ బాబు గుమ్మంలో నిలబడి, ఎదురింటి పిట్టగోడ వైపు చేయి చాపి కేక వేస్తున్నాడు: “దాదీ, కవ్వా ఆయా! కవ్వా ఆయా!”

మేము సంచిలోంచి కార్డులు తీసి అక్కడే, ఆ గుమ్మంలోనే కూర్చున్నాము. బిల్లీ, చాంద్, పానీ, మఛ్లీ. పదింటిలో తొమ్మిది చెప్పాడు. పదవది ఓడ బొమ్మ. అది మంగళగిరిలో ఏ బిడ్డ చూసి ఉంటాడు? సిగ్గుపడవలసిన విషయం మరొకటి ఉంది. మేమూ ఇంట్లో ఆ మాటలే మాట్లాడుతూ పెరిగినవాళ్లం. అమ్మీ ఒడిలో కవ్వా అనే నేర్చుకున్నవాళ్లం. అయినా విశ్వవిద్యాలయం ఇచ్చిన పత్రం చేతికి రాగానే మా నోట తెలుగు తప్ప వేరే మాట రాలేదు, బిడ్డ నోట వచ్చే వేరే మాటకు ఆ పత్రంలో గడీ లేదు. మా దాదీ ఏ కళాశాలకూ వెళ్లకపోయినా ఈ తప్పు మాత్రం చేసి ఉండేది కాదు.

తరువాత మా గైడు గారు ఆ పత్రం చూసి, ఇంటి భాషకు భిన్నమైన భాష వినవచ్చే చోట కూర్చోబెట్టిన చిన్న పిల్లలు కొన్ని వారాలు, ఒక్కొక్కసారి కొన్ని నెలలు మౌనంగా ఉండటం లోకమంతటా గమనించిన విషయమేనని గుర్తు చేశారు. ఆ మౌనకాలంలో వారు వింటారు, పోల్చుకుంటారు, లోలోపల కూడబలుక్కుంటారు. మేము అది రెండవ సెమిస్టరులో చదివి, పరీక్ష రాసి, మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాము. గుమ్మంలో ఎదురయ్యే దాకా అర్థం కాలేదు. ఆ కాగితం అలాగే పైకి వెళ్లి ఉంటే ఆ బాబు పేరు పక్కన ‘మందబుద్ధి’ అనే మాట చేరేది. ఒకటవ తరగతి టీచరు ఆ మాటతోనే అతణ్ణి చివరి వరుసలో కూర్చోబెట్టేది. మన పిల్లలు చదువులో వెనుకబడుతున్నారని సభలు పెట్టి మాట్లాడుకుంటాము. ఆ వెనుకబాటు పదవ తరగతిలోనో ఇంటర్‌లోనో మొదలవుతుందని అనుకుంటాము. నాలుగేళ్ల వయసులో పడిన పది సున్నాలను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

చట్టం కూడా ఈ వయసును లెక్కలోకి తీసుకోలేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, అదీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న కేసులో, పద్నాలుగేళ్లు నిండే వరకు ప్రతి బిడ్డకూ విద్య ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పులో కింది వయోపరిమితి లేదు. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ఆ హక్కును ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి పరిమితం చేసి, ఆరేళ్ల లోపు పిల్లలను 45వ అధికరణం కిందికి, అంటే రాజ్యం ‘ప్రయత్నించవలసిన’ విషయాల జాబితాలోకి నెట్టింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్‌లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ప్రభుత్వం పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాటు చేయవచ్చునని ఉంది. చేయాలి అని లేదు. ఆ ‘వచ్చు’ అనే మాట మీదనే మన మూడేళ్ల బిడ్డల చదువు ఆధారపడి ఉన్నది. 2020 జాతీయ విద్యా విధానం మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని తానే చెప్పింది. చట్టంలోని ‘వచ్చు’ను మాత్రం మార్చలేదు.

మైనారిటీల హక్కుల గురించి మాట్లాడే మనమూ ఇందులో నిర్దోషులం కాము. 2006లో ప్రకటించిన ప్రధానమంత్రి 15 అంశాల కార్యక్రమం గురించి మన వేదికల మీద వినని వారుండరు. అందులో స్కాలర్‌షిప్పులు, రుణాలు, ఉద్యోగాలు, మత ఘర్షణల నివారణ అందరికీ గుర్తున్నాయి. కానీ ఆ పదిహేనింటిలో మొదటి అంశం ఏమిటో అడిగి చూడండి. అది సమగ్ర శిశు అభివృద్ధి సేవలను, అంటే అంగన్‌వాడీలను, మైనారిటీలు గణనీయంగా నివసించే గ్రామాలకూ బ్లాకులకూ న్యాయంగా అందించడం. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో మొదలైన పథకం అది. స్కాలర్‌షిప్పు ఆగిపోతే కలెక్టరేటు ముందు బైఠాయిస్తాము, అది అవసరమే. మన పేటలో అంగన్‌వాడీ కిటికీ లేని అద్దె గదిలో నడుస్తుంటే మాత్రం అది ఆడవాళ్ల విషయమనీ, గుడ్డూ పాలూ ఇచ్చే చోటనీ ఊరుకుంటాము.

భాష విషయంలో తొందరపడి ఒక్క మాటతో తేల్చేయడం కూడా తగదు. ఉర్దూ మాధ్యమం పెట్టించండి అనగానే సమస్య తీరుతుందనుకునే పెద్దలున్నారు. 2022లో ఉర్దూ మన రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష అయింది, సంతోషమే. 350-ఏ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించమంటున్నది, అదీ సరే. కానీ కృష్ణా డెల్టాలో మన సముదాయం ఒకే భాష మాట్లాడదు. నూర్‌బాషా దూదేకుల సోదరుల ఇళ్లలో తరతరాలుగా తెలుగే మాతృభాష. వారి బిడ్డ అంగన్‌వాడీలో కాకిని కాకి అనే అంటుంది. మా వంటి ఇళ్లలో వినిపించేది ‘నక్కో’, ‘హౌ’ అనే దక్కనీ. అది పాఠ్యపుస్తకంలోని ఉర్దూ కాదు. లక్నో ఉర్దూ తెచ్చి చదివిస్తే ఆ బాబు మళ్లీ నోరు మూసుకునే ప్రమాదమున్నది.

కనుక వేరే అంగన్‌వాడీలు కావాలని మేము కోరడం లేదు. మగ్గం గుంటలో కూర్చునే నేతన్న బిడ్డ, పండ్ల బండి వారి బిడ్డ ఒకే చాప మీద కూర్చోవాలి. నేత బిడ్డ నోట ‘కవ్వా’, మన బిడ్డ నోట ‘కాకి’ పలకడానికి ఆ వయసులో నెల రోజులు చాలు. కావలసినది ఆ గదిలో ఇంటి భాష తెలిసిన మనిషి ఒకరు. మన రాష్ట్రంలో అంగన్‌వాడీ టీచరు స్థానికంగా నివసించే వివాహిత అయి ఉండాలని నియమం ఎలాగూ ఉంది; పదవ తరగతి చదివి ఉండాలి. మన పేటలలో ఆ అర్హత ఉన్న కోడళ్లు ఎంతమంది లేరు? నోటిఫికేషన్ వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టనిచ్చే ఇళ్లే తక్కువ. “ఆయా పనికి మా కోడలా?” అన్న మాట మేము చెవులారా విన్నాము.

ఆ ఉద్యోగానికి గౌరవం లేకపోవడానికి ప్రభుత్వమే ప్రధాన కారణమన్నది నిజం. 2023 డిసెంబరు 12న మొదలైన రాష్ట్ర అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు సాగింది. అప్పటికి టీచరుకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. అది జీతం కాదు, గౌరవ వేతనమని సర్కారు మాట. 2024 జనవరిలో అదే సర్కారు వారిమీద ఎస్మా ప్రయోగించింది. సమ్మె చేస్తే అత్యవసర సేవ, వేతనం అడిగితే గౌరవ సేవ! 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ సిబ్బంది గ్రాట్యుటీకి అర్హులని చెప్పిన తరువాత కూడా ఈ ద్వంద్వనీతి నడిచింది. ఆ సమ్మె శిబిరాలకు మన సంఘాల నుంచి ఎందరు వెళ్లారో ఎవరికి వారు గుర్తు చేసుకోవలసినదే.

ఇక స్తోమత కాస్త పెరిగిన ఇళ్లవారు బిడ్డకు మూడేళ్లు రాగానే ‘కాన్వెంటు’కు పంపుతున్నారు. మెడలో టై, వీపున సంచి, రెండు గీతల పుస్తకంలో ఏ నుంచి జెడ్ దాకా. పెన్సిలు పట్టే వేళ్ల కండరాలు ఇంకా గట్టిపడని వయసది. ఆ ఫీజు కోసం చిట్టీ పాడిన తల్లులను మేమెరుగుదుము. వారిని తప్పుపట్టే అర్హత మాకు లేదు. సర్కారు బడి మీద నమ్మకం కలిగించవలసిన వారు కలిగించలేదు. 2021-22లో అంగన్‌వాడీలను ప్రాథమిక పాఠశాలలతో కలిపి పీపీ-1, పీపీ-2 అన్నారు. పేరు మారింది, చాలా చోట్ల గది మారలేదు.

చిత్రమేమిటంటే ఈ విషయంలో మన పెద్దల ఆచారం మనకన్నా వివేకంగా ఉండేది. బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండినప్పుడు ‘బిస్మిల్లా’ చేయించేవారు. కొత్త బట్టలు, మిఠాయి, పెద్దవారి ఒడి, నోటితో పలికించే ఒకటి రెండు మాటలు. చదువు మాటతో, ఒడితో, పండుగతో మొదలయ్యేది. ఇప్పుడూ బిస్మిల్లాకు హాలు మాట్లాడి భోజనాలు పెడుతున్నారు. అప్పటికే ఆ బిడ్డ ఏడాదిన్నరగా హోంవర్కు రాస్తున్నాడు.

పేదల బిడ్డలకు తొలి వయసులో మంచి బడి ఇస్తే ఏమవుతుందో చూపిన ఉదాహరణలు లేకపోలేదు. 1960లలో అమెరికాలోని యిప్సిలాంటి పట్టణంలో 123 మంది పేద నల్లజాతి పిల్లలను తీసుకుని, వారిలో 58 మందికి ‘పెర్రీ’ అనే పూర్వ ప్రాథమిక బడిలో ఆటపాటలతో కూడిన చదువు చెప్పి, వారం వారం వారి ఇళ్లకు కూడా వెళ్లారు. ఆ పిల్లలను నలభయ్యేళ్ల వయసు దాకా గమనిస్తే బడికి వెళ్లినవారి సంపాదన మిగతావారికన్నా ఎక్కువగా, అరెస్టులు తక్కువగా ఉన్నాయి. మరియా మాంటిస్సోరి 1907లో తన తొలి బాలల ఇల్లు తెరిచినది రోమ్‌లోని పేదల పేటలో. కృష్ణ దాటితే విజయవాడ, అక్కడ వి. కోటేశ్వరమ్మ గారు 1955లోనే మాంటిస్సోరి బడి పెట్టారు, 2017లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఇవాళ ఆ విదేశీ పేరు బోర్డుమీద కనిపిస్తే ఫీజు ఎంతో అడగడానికే భయపడవలసి వస్తున్నది. తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ మహారాష్ట్రలో ఆదివాసీ పిల్లల ముంగిళ్లకే బడిని తీసుకువెళ్లారు. ‘అంగన్’ అంటే ముంగిలి అనే కదా.

మన ఆడపిల్లలు ఈ చదువులోకి రావాలని మేము కోరుతున్నాము. గృహవిజ్ఞాన పట్టభద్రులకు అంగన్‌వాడీ సూపర్‌వైజర్, సీడీపీఓ ఉద్యోగాలకు పోటీపడే అర్హత ఉంటుంది; తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం ఉంది; ఇల్లు కదలలేని వారికి ఇగ్నో దూరవిద్యలో శిశు సంరక్షణ, విద్యలో డిప్లొమా ఉంది. ఏ పత్రంలో ఏ భాషకు గడి ఉండాలో నిర్ణయించే కుర్చీలో మన పేట నుంచి వెళ్లిన మనిషి ఒక్కరు ఉన్నా మేము రాసిన ఆ పది సున్నాలు పడవు.

పీజీ పట్టా చేతికొచ్చాక మేము చేసిన మొదటి పని ఒక అర్జీ రాయడం. పిల్లల వికాసాన్ని పరీక్షించే ప్రతిచోటా ఇంటి భాషలో కూడా అడగాలని, దక్కనీ మాట్లాడే పిల్లలున్న కేంద్రాలలో టీచరు గానీ ఆయా గానీ ఆ భాష తెలిసిన స్థానికురాలై ఉండేలా చూడాలని, మా పేట కేంద్రాన్ని కిటికీ ఉన్న గదిలోకి మార్చాలని అందులో రాశాము. ఇరవై ముగ్గురు తల్లులు సంతకాలు చేశారు. వారిలో తొమ్మండుగురు మగ్గం ఇళ్లవారు. సంబంధిత కార్యాలయంలో గుమాస్తా దానిని తిరగేసి, “మీ పిల్లల కోసమా, అందరి కోసమా?” అని అడిగాడు. సంతకాలు చదవమన్నాము. ముద్ర వేసి ఇచ్చాడు. నాలుగు నెలలైంది, జవాబు రాలేదు. వచ్చే సోమవారం ‘స్పందన’ అనండి, ‘ప్రజా సమస్యల పరిష్కార వేదిక’ అనండి, అక్కడికి మళ్లీ వెళుతున్నాము. ఆ బాబు తల్లి కూడా వస్తానన్నది, ఆ రోజుకు ఫాల్స్ కుట్టడం మానుకుని.