ఐర్లండ్ పేరు చెప్పి మన నిబంధనలు మార్చకండి



పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చివరిదాకా చదవమని మనవి. వచ్చే సర్వసభ్య సమావేశంలో చెయ్యి ఎత్తబోయే ప్రతి ఒక్కరికీ సంబంధించిన విషయం ఇది.

పోయిన వారం మన గ్రూపులో ఒక ఫోటో తిరిగింది. ఐర్లండులో ఏదో పాత కోట ముందు వంద మందికి పైగా నిలబడ్డారు. అందరిదీ ఒకటే ఇంటిపేరు. మధ్యలో మెడలో గొలుసు, చేతిలో తెల్ల కర్రతో ఒక పెద్దమనిషి. ఆయన ఆ వంశ సంఘానికి గౌరవ నాయకుడట. ఫోటో కింద మన పెద్దలొకరు ఇలా రాశారు: "వాళ్ళు ఇంత అభివృద్ధి చెంది కూడా వంశ గౌరవాన్ని ఇలా నిలబెట్టుకున్నారు. మనవాళ్ళు మాత్రం సవరణకి అడ్డుపడుతున్నారు."

ఆ సవరణ ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మన సంఘంలో శాశ్వత గౌరవాధ్యక్ష పదవి ఒకటి కొత్తగా పెట్టాలట. భవన నిధికి అందరికంటే పెద్ద మొత్తం ఇచ్చిన కుటుంబ పెద్దకి అది ఇవ్వాలట. ఆయన తర్వాత ఆ ఇంటి పెద్దకొడుకుకి వెళ్ళాలట. ఎన్నిక లేదు, గడువు లేదు, దింపే దారి లేదు.

ఆ ఫోటో పెట్టిన పెద్దలంటే నాకు గౌరవం ఉంది. ఆయన చేతి మీదుగానే నేను ఈ సంఘంలో చేరాను. కానీ ఐర్లండ్ సంగతి ఆయన తలకిందులుగా చెప్పారు. ఆ దేశపు వంశ సంఘాల కథ మొత్తం చదివితే ఈ సవరణకి అనుకూలంగా ఒక్క వాక్యం దొరకదు.

ముందు పాత కథ. ఐరిష్ ఇంటిపేర్ల ముందు కనిపించే 'మెక్' అంటే కొడుకు. 'ఓ' అంటే మనవడు. ఫలానావాడి సంతతి అన్నదే వంశం పేరయింది. ఒక్కో వంశానికి ఒక సీమ, ఒక నాయకుడు. ఆ నాయకుడు పోతే పెద్దకొడుకు వెళ్ళి కుర్చీలో కూర్చోవడం వాళ్ళ పద్ధతి కాదు. ఒకే ముత్తాత నుంచి వచ్చిన మగసంతతి అంతా ఆ పదవికి అర్హులే. వాళ్ళలోంచి సమర్థుణ్ణి ఎంచుకునేవారు. నాయకుడు బతికి ఉండగానే తర్వాతివాణ్ణి ఎంచి పెట్టుకోవడం కూడా ఉండేది. అలా ఎంచుకున్నవాణ్ణి 'టానిష్టె' అనేవారు.

అదంతా రామరాజ్యమని నేను చెప్పడం లేదు. ఆ ఎంపికలు చాలాసార్లు కత్తులతోనే తేలాయి. అన్నదమ్ముల బిడ్డలు ఒకరినొకరు చంపుకున్నారు. ఆడవాళ్ళకి ఆ వరసలో చోటే లేదు. కానీ ఒక్క సంగతి గమనించండి. పుట్టుక వల్ల అర్హత వచ్చేది, పదవి వచ్చేది కాదు.

ఓ'నీల్ వంశంవాళ్ళ పట్టాభిషేకం టలహోగ్ అనే దిబ్బ మీద, రాతి కుర్చీలో జరిగేది. అంత పెద్ద ఓ'నీల్ కూడా తనంత తాను వెళ్ళి అందులో కూర్చుంటే చెల్లదు. ఓ'కాహన్ అనే మరో వంశపు పెద్ద వచ్చి కొత్త నాయకుడి తల మీదుగా చెప్పు విసిరితేనే తంతు పూర్తయ్యేది. ఇవతలివాళ్ళు ఒప్పుకుంటేనే నువ్వు నాయకుడివి అని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

మరి పెద్దకొడుకు రూలు ఎక్కడిది? ఇంగ్లండుది. 1540ల నుంచి ఇంగ్లీషు రాజులు ఐరిష్ నాయకులతో ఒక బేరం నడిపారు. మీ భూములు మాకు అప్పగించండి, ఇంగ్లీషు బిరుదుతో మళ్ళీ మీకే ఇస్తాం, ఇకనుంచి మీ పెద్దకొడుకుకే దక్కుతుంది అన్నారు. కొందరు ఒప్పుకున్నారు, కొందరు తిరగబడ్డారు. 1601లో కిన్సేల్ యుద్ధంలో ఐరిష్ సేన ఓడింది. 1602లో ఇంగ్లీషు సేనాని మౌంట్‌జాయ్ ఆ టలహోగ్ రాతి కుర్చీని ముక్కలు చేయించాడు. 1607లో ఉత్తరాది పెద్ద నాయకులు ఓడెక్కి దేశం విడిచిపోయారు. 1608లో ఇంగ్లీషు న్యాయస్థానం పాత ఎంపిక పద్ధతి చెల్లదని తీర్పు చెప్పింది.

అంటే ఏమిటి? మన పెద్దలు ఐరిష్ వంశ సంప్రదాయం అనుకుంటున్న పెద్దకొడుకు వారసత్వం ఆ వంశాలని ఓడించినవాళ్ళు వాళ్ళ నెత్తిన రుద్దింది. అదే రూలుని మనం ఇప్పుడు సంప్రదాయం పేరు పెట్టి మన నిబంధనావళిలోకి తెచ్చుకోవాలట!

ఇక రెండో కథ. ఇది మన కాలంలో జరిగింది. కోశాధికారులు, కార్యదర్శులు దీన్ని రెండుసార్లు చదవాలి.

స్వాతంత్ర్యం వచ్చాక ఐర్లండ్ ప్రభుత్వం 1943లో వంశావళుల కార్యాలయం ఒకటి తెరిచింది. దాని అధికారి పేరు చీఫ్ హెరాల్డ్. పాత వంశాల వారసులమని వచ్చినవాళ్ళ వంశవృక్షాలు చూసి, ఈయన ఫలానా వంశానికి నాయకుడు అని మర్యాదకి ఒక గుర్తింపు ఇవ్వడం 1940ల్లో మొదలుపెట్టారు. ఆ గుర్తింపుకి కొలత ఏమిటో తెలుసా? పెద్దకొడుకు వరసే. అధికారం లేదు, జీతం లేదు, భూమి లేదు. అచ్చంగా గౌరవ పదవి.

1992లో ఆ కార్యాలయం ఒకాయన్ని 'మెక్‌కార్తీ మోర్' అని గుర్తించింది. మెక్‌కార్తీలంటే సామాన్యులు కాదు. దక్షిణాన డెస్మండ్ రాజ్యం ఏలినవాళ్ళు. లోకమంతా తెలిసిన బ్లార్నీ కోట వాళ్ళ వంశంలో ఒక శాఖది. అక్కడి రాయిని ముద్దాడితే తియ్యటి మాటలతో ఎవరినైనా బుట్టలో వేసుకునే నేర్పు వస్తుందని నమ్మకం. ఈ కొత్త మెక్‌కార్తీ మోర్ ఆ రాయిని ముద్దాడాడో లేదో గానీ, నేర్పు మాత్రం ఉంది. ఆయన గొడుగు కింద బిరుదులు డబ్బుకి చేతులు మారాయి. కొన్నవాళ్ళలో ఎక్కువమంది అమెరికావాళ్ళు. పూర్వీకుల దేశం మీద ప్రేమ ఉన్నవాళ్ళు. తాతలు వదిలి వచ్చిన నేలతో ఏదో ఒక ముడి కావాలని ఆరాటపడ్డవాళ్ళు.

1999లో గుట్టు బయటపడింది. ఆయన చూపించిన వంశవృక్షం నిలవలేదు. అదే ఏడాది ఆ గుర్తింపు రద్దయింది. ఆయన నాయకత్వం నుంచి తప్పుకున్నాడు. 2003లో ఆ కార్యాలయం వంశ నాయకులని గుర్తించే పనే మానేసింది, ఆ పనికి చట్టబద్ధమైన ఆధారమే లేదని తేలాక. అంటే ఒక్క మనిషి చేసిన దానికి, నిజమైన వారసులుగా నిలబడగలిగినవాళ్ళకి కూడా ఆ మర్యాద పోయింది.

"గౌరవ పదవే కదా, అధికారం లేదు కదా, ఎవరికేం నష్టం?" అని మన గ్రూపులో కనీసం నలుగురు అడిగారు. అయ్యా, మెక్‌కార్తీ మోర్‌కి ఏం అధికారం ఉంది? ఒక్క కానిస్టేబుల్‌ని కూడా పిలిపించలేడు. ఆయన దగ్గర ఉన్నది పేరొక్కటే. ఆ పేరు మీద ఇంతమంది నమ్మకం పెట్టారు కాబట్టే అది అమ్ముడుపోయింది. అధికారం ఉన్న పదవికి లెక్కలు అడుగుతారు, ఆడిటర్ వస్తాడు, ఎన్నికలో ఓడిస్తారు. ఏమీ లేని గౌరవ పదవిని ఎవరూ ఏమీ అడగరు. దానికి కాపలా ఎక్కువ ఉండాల్సింది అందుకే.

మరి ఆ ఫోటోలో ఉన్నాయన ఎవరు? ఇప్పుడు చెబుతాను.

ఈనాటి ఐరిష్ వంశ సంఘాలు చాలావరకు సభ్యులు కట్టుకున్న సంఘాలు, మనలాంటివే. కరువుకీ పేదరికానికీ ఊళ్ళు వదిలి అమెరికా, ఆస్ట్రేలియాల్లో స్థిరపడ్డవాళ్ళ మనవలు, మునిమనవలు వాటిలో చేరతారు. 1845లో మొదలైన బంగాళాదుంప కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, ఇంచుమించు అంతమందే దేశం దాటారు. వాళ్ళ సంతతి వేసవిలో వచ్చి, పాత కోటలు చూసి, పాత సమాధుల మీద పేర్లు చదువుకుని, భోజనాలు చేసి వెళ్తారు. ఇలాంటి సంఘాల పేర్లు నమోదు చేయడానికి 1989లో 'క్లాన్స్ ఆఫ్ ఐర్లండ్' అనే సంస్థ ఏర్పడింది. ఈ సంఘాల్లో చాలావాటిలో గౌరవ నాయకుణ్ణి ఎన్నుకునేది సభ్యులే. గడువు అయ్యాక ఆయన దిగుతాడు, ఇంకొకరు ఎక్కుతారు.

మేయో తీరంలోని ఓ'మాలీల సంఘం 1953 నుంచి ఉంది. వాళ్ళ వంశంలోనే 16వ శతాబ్దంలో గ్రేస్ ఓ'మాలీ అనే ఆవిడ ఓడలు నడిపి సముద్రాన్ని ఏలింది. 1593లో ఎలిజబెత్ రాణికి ఎదురుగా నిలబడి తన మాట చెప్పుకుంది. అంతటి ఆవిడకి కూడా ఆడదైనందుకు పాత కట్టుబాటులో వంశ నాయకత్వం దక్కలేదు. ఇవాళ అదే ఇంటిపేరు సంఘానికి ఆడవాళ్ళు నాయకులుగా ఎన్నికయ్యారు. సంప్రదాయంలో మంచిని ఉంచుకుని చెడ్డని దిద్దుకోవడం అంటే ఇదీ. మన సవరణలో 'పెద్దకొడుకు' అన్న మాట ఉంది. కూతుళ్ళున్న సభ్యులు ఒకసారి ఆలోచించండి.

ఇంకో మాట. ఐర్లండులో ఇవాళ ప్రధానమంత్రిని 'టీషక్' అంటారు. పాత ఐరిష్‌లో నాయకుడు అని. ఉప ప్రధానిని 'టానిష్టె' అంటారు. ఇందాక చెప్పిన, ముందుగా ఎంచుకున్న వారసుడి పేరే. 1937 రాజ్యాంగంలో ఆ పాత మాటలు రెండూ తెచ్చిపెట్టుకున్నారు, కానీ ఓటుతో గెలిచినవాళ్ళకే ఇచ్చారు. అదే రాజ్యాంగం, రాజ్యం ఎవరికీ ప్రభు బిరుదులు ఇవ్వకూడదని కూడా చెప్పింది. మన రాజ్యాంగంలో 18వ అధికరణ చెప్పేదీ ఇంచుమించు అదే. పద్మ పురస్కారాలని కూడా పేరుకి ముందో వెనకో తగిలించుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. దేశం వద్దన్న పనిని మన చిన్న సంఘం నెత్తికెత్తుకోవడం దేనికి?

దాత గురించి ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఆ కుటుంబం ఇచ్చిన డబ్బు చిన్నది కాదు. వాళ్ళు లేకపోతే మన హాలుకి పైకప్పు పడేది కాదు. వాళ్ళ పేరు రాతి మీద చెక్కిద్దాం. ఏటా ఉగాదికి మొదటి శాలువా వాళ్ళకే కప్పుదాం. సభ్యులు ఓటేస్తే మొదటి గౌరవాధ్యక్షుడు కూడా ఆయనే కావచ్చు, నా ఓటు ఆయనకే. కానీ కృతజ్ఞత వేరు, నిబంధన వేరు. కృతజ్ఞత మన మనసులో ఉంటుంది. నిబంధన మన తర్వాత వచ్చేవాళ్ళ నెత్తిన ఉంటుంది. ఇవాళ ఆయన మంచివారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ కుర్చీలో ఎవరుంటారో, మన లెటర్‌హెడ్ పట్టుకుని ఎవరి గుమ్మం ఎక్కుతారో మీకు తెలుసా? నాకు తెలియదు. తెలియనివాడికి ఖాళీ చెక్కు మీద సంతకం ఎవరు పెడతారు?

1936లో రాష్ట్రాల సరిహద్దు గీసినప్పుడు మన బరంపురం తెలుగువాళ్ళం ఇటువైపు ఉండిపోయాం. అప్పట్నుంచి మన భాషని, బడిని, పుస్తకాలని కాపాడింది ఏ వంశమూ కాదు. నెలకింత అని చందా వేసుకున్న గుమాస్తాలు, టీచర్లు, కొట్టు నడుపుకునేవాళ్ళు. ఈ సంఘానికి వారసులంటూ ఉంటే వాళ్ళ పిల్లలందరూ వారసులే.

అందుకని నా ప్రతిపాదన ఇది. గౌరవాధ్యక్ష పదవి పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. గడువు రెండేళ్ళు ఉండాలి. సర్వసభ్య సమావేశంలో ఓటు ఉండాలి. విరాళం అర్హత కాకూడదు, అనర్హతా కాకూడదు. ఆడా మగా తేడా ఉండకూడదు. తీర్మానం లేకుండా సంఘం పేరు మీద ఎవరికీ బిరుదు గానీ, సర్టిఫికెట్టు గానీ ఇవ్వకూడదు. మూడింట రెండొంతుల మంది కోరితే దింపే వీలుండాలి. దీన్ని రాతపూర్వకంగా కార్యదర్శి గారికి ఇచ్చాను. బలపరిచేవాళ్ళు ఇంకో ఐదుగురు కావాలి.

ఫోటో పెట్టిన పెద్దలకి నా మనవి. బాబాయిగారూ, మీరు ఐర్లండుని చూపించారు, సంతోషం. చూపించారు కాబట్టి పూర్తిగా చూద్దాం. ఆ తెల్ల కర్ర పట్టుకున్నాయన సంఘం వాళ్ళని అడిగించండి, ఆయన్ని ఎవరు నిలబెట్టారు, ఎప్పుడు దిగుతారు అని. సభ్యులే ఎన్నుకున్నారు, ఫలానా ఏడాది దిగుతారు అని జవాబు వస్తే, సమావేశంలో నా ప్రతిపాదనని మీరే బలపరచండి.

మిగతా సభ్యులందరూ తప్పకుండా రండి. ఫోన్‌లో లైకు కొట్టి ఊరుకుంటే లెక్కలోకి రాదు. హాల్లో చెయ్యి ఎత్తాలి.