పేరు సరే, తాళం చెవి ఎవరి దగ్గర?

ఏ పత్రికైనా తిరగేసి చివరి పేజీ అడుగున చూడండి. చీమ తలకాయంత అక్షరాల్లో ఒక లైను ఉంటుంది. సంపాదకుడు ఎవరు, ప్రచురణకర్త ఎవరు, ఎక్కడ అచ్చయింది అనే వివరం. ఆ లైను చదివేవాళ్లు తక్కువ. కానీ అది లేకుండా పత్రిక బయటికి రాకూడదన్నది నియమం. ఇప్పుడు అదే నియమం వెబ్‌సైట్లకూ పెట్టాలని కొందరంటున్నారు. వెబ్‌సైట్ పెట్టుకునే ప్రతి మనిషీ తన అసలు పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు రుజువులతో సహా రాసివ్వాలట. పేరు దాచుకునేవాడు దొంగేనట. పత్రికకు ఒక న్యాయం, వెబ్‌సైట్‌కు ఇంకో న్యాయమా అని నిలదీస్తున్నారు.

అడగాల్సిన ప్రశ్నే. కానీ అవును, కాదు అని ఒక్క మాటలో తేల్చే ప్రశ్న కాదు.

ముందు సంగతి అర్థం చేసుకుందాం. వెబ్‌సైట్ పేరును డొమైన్ అంటారు. రిజిస్ట్రార్ అనే కంపెనీ దగ్గర ఏడాదికింత అని కట్టి తీసుకోవాలి. డాట్ కామ్ వంటి పేర్లకు నియమాలు చేసేది 1998లో అమెరికాలో, కాలిఫోర్నియాలో పుట్టిన ఐకాన్ అనే సంస్థ. మన డాట్ ఇన్ పేర్ల లెక్క చూసేది నిక్సీ అని పిలిచే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా. పేరు కొన్నవాళ్ల వివరాలన్నీ 'హూయిజ్' అనే పట్టికలో ఉండేవి. ఒక రకంగా అది ఇంటర్నెట్ పహాణీ. ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. 2018 మే 25న యూరప్‌లో జీడీపీఆర్ అనే సమాచార రక్షణ చట్టం అమల్లోకి వచ్చాక మామూలు మనుషుల వివరాలు చాలావరకు ఆ పట్టికలో కనబడకుండా పోయాయి. పోలీసులకూ, పెద్ద కంపెనీల వకీళ్లకూ అది మింగుడు పడలేదు. పట్టిక మళ్లీ తెరవాలనే ఒత్తిడి అప్పటి నుంచి ఆగలేదు.

వాళ్ల వాదనలో నిజం లేదని మేం అనడం లేదు. తిరుమల దర్శనం టిక్కెట్ల పేరుతో భక్తుల జేబులు కొట్టే నకిలీ వెబ్‌సైట్లు ఎన్ని పుట్టుకొచ్చాయో చూశాం. ఒకటి రెండు అక్షరాలు మార్చి, దేవస్థానం బొమ్మ పెట్టి, డబ్బు దండుకున్నారు. 2023 నాటికే అలాంటివి నలభైకి పైగా పోలీసుల దాకా వెళ్లాయి. ఉద్యోగ నోటిఫికేషన్ల పేరుతో ఫీజు కట్టించుకుని మాయమయ్యే సైట్ల గురించి మన విద్యార్థులకు మేం చెప్పాల్సిన పని లేదు. పుస్తకాలకు దాచుకున్న డబ్బు పోగొట్టుకున్న పిల్లవాడు 'ఆ సైట్ ఎవరిది?' అని అడిగితే, 'అది రహస్యం' అని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

కాబట్టి మొదటి మాట సూటిగా చెబుతున్నాం. జనం దగ్గర డబ్బు తీసుకునేవాడు పేరు చెప్పి తీరాలి. దుకాణం తెరిచినవాడు బోర్డు పెట్టాల్సిందే. ఇందుకు కొత్త చట్టం కూడా అవసరం లేదు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో సరుకులమ్మే సంస్థ తన చట్టబద్ధమైన పేరు, కార్యాలయ చిరునామా, ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు జనానికి కనబడేలా పెట్టాలి. ఉన్నదాన్ని అమలు చేయకుండా, లేనిదాని కోసం లొల్లి ఎందుకు?

రెండో మాట. పేరు తప్పనిసరి చేస్తే దొంగ దొరుకుతాడా? బినామీ అంటే ఏమిటో తెలంగాణ పల్లెకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 1973లో భూపరిమితి చట్టం వచ్చినప్పుడు భూములు ఎవరెవరి పేర్ల మీదికి వెళ్లాయి? జీతగాడి పేరు మీద, దూరపు చుట్టం పేరు మీద. కాగితం మీద జీతగాడు, భూమి మీద దొర. డొమైన్ కథ కూడా అంతే. మోసగాడు తన ఆధార్ కార్డు తెచ్చి కౌంటర్ మీద పెట్టడు. ఏ జిరాక్స్ సెంటర్లోనో మిగిలిపోయిన కాపీ, ఏ నిరుద్యోగి దగ్గరో ఐదారు వందలిచ్చి తీసుకున్న కార్డు వాడతాడు. సిమ్ కార్డులకు, బ్యాంకు ఖాతాలకు గుర్తింపు పత్రాలు అడగడం లేదా? అయినా సైబర్ దొంగలు ఎవరి సిమ్ములతో మాట్లాడుతున్నారు, ఎవరి ఖాతాల్లో డబ్బు వేయించుకుంటున్నారు? రేపు పోలీసులొస్తే తలుపు తట్టేది దొర ఇంటిది కాదు, జీతగాడి గుడిసెది. డాట్ ఇన్ పేరుకు గుర్తింపు పత్రాలు గట్టిగా అడిగితే దొంగ పక్క దేశం దుకాణానికి వెళ్లి వేరే పేరు కొంటాడు. నియమం పాటించేవాడు మాత్రం ఇక్కడే ఉంటాడు, పట్టికలో పేరుతో సహా.

మరి ఆ నియమం పాటించేవాడు ఎవడు? ఆలోచించండి. తన శాఖలో బదిలీల అక్రమాల మీద రాసే గుమాస్తా. పాత పెన్షన్ ఎందుకు పోయిందో లెక్కలతో చూపించే టీచర్. విశ్వవిద్యాలయంలో ఖాళీ పోస్టుల జాబితా పెట్టే పరిశోధక విద్యార్థి. ఊరి చెరువు శిఖం భూమి ఎవరు ఆక్రమించారో ఫొటోలతో పెట్టే యువకుడు. వీళ్లెవరూ ఒక్క రూపాయి అడగరు. అడిగేది ప్రశ్న మాత్రమే. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రభుత్వ ఉద్యోగి మెడ మీద ఇవాళ్టికీ వేలాడుతూనే ఉంది. సర్కారును విమర్శిస్తే మెమో, ఆ తర్వాత సస్పెన్షన్. అలాంటి మనిషి పేరూ, ఇంటి చిరునామా పట్టికకెక్కిస్తే ఆ సైట్ మరునాడు ఉంటుందా?

పేరు దాచుకోనివాడికి ఏం జరిగిందో కూడా చూద్దాం. అసీమ్ త్రివేది అనే కార్టూనిస్టు అవినీతి మీద బొమ్మలు గీసి సొంత పేరుతో వెబ్‌సైట్ పెట్టాడు. 2011 డిసెంబరులో ముంబై పోలీసుల నుంచి కాగితం రాగానే డొమైన్ ఇచ్చిన కంపెనీ ఆ సైట్‌ను నిలిపేసింది. విచారణ జరగలేదు, కోర్టు తీర్పు లేదు. 2012 సెప్టెంబరులో రాజద్రోహం కింద అరెస్టు చేశారు. అక్టోబరుకల్లా ఆ ఆరోపణ వదులుకుంటామని ప్రభుత్వమే హైకోర్టుకు చెప్పింది. అప్పటికే ఆ బొమ్మలు గీసిన మనిషి జైలు చూసి వచ్చాడు.

ఇక పత్రిక అడుగున ఉండే ఆ లైను సంగతి. దాన్ని పవిత్రమైనదిగా చూపేవాళ్లు దాని పుట్టుక కూడా చెప్పాలి. ఆ చట్టం 1867 నాటిది. 1857 తిరుగుబాటు జరిగిన పదేళ్లకు తెల్లదొరలు చేసింది. పాఠకుడి మేలు కోరి కాదు, ఎవరిని పట్టుకోవాలో తెలియాలని. పదకొండేళ్లు తిరక్కుండానే, 1878లో, లిట్టన్ దేశభాషా పత్రికల చట్టం తెచ్చాడు. ముద్రాపకుడు పూచీకత్తు రాసివ్వాలి, ధరావతు కట్టాలి, సర్కారుకు నచ్చనిది అచ్చువేస్తే ఆ సొమ్ము పోతుంది. ఇంగ్లీషు పత్రికలకు మాత్రం ఆ బాధ లేదు. ముందు పేరు అడిగారు. తర్వాత ధరావతు అడిగారు. పేరు చేతిలో ఉంటే మిగతావన్నీ వరుసగా వస్తాయి. 1867 చట్టం 2024 మార్చి 1న కొత్త చట్టానికి చోటిచ్చి తప్పుకుంది. ఆ అలవాటు మాత్రం పోలేదు.

పేరు తెలిస్తే వచ్చేది సర్కారు ఒక్కటే కాదు. హైదరాబాద్‌లో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ నిజాం పాలనను, రజాకార్లను సొంత పేరుతో ఎదిరించాడు. 1948 ఆగస్టులో అర్ధరాత్రి దారికాచి కాల్చారు, రాసిన చేతిని నరికారు. ఆయన ధైర్యానికి చేతులెత్తి మొక్కుతాం. కానీ రాసే ప్రతి మనిషీ షోయబుల్లా ఖాన్ అంత ధైర్యవంతుడై ఉండాలని చట్టం చేయగలమా?

అన్ని పేర్లూ ఒకే చోట పోగేస్తే ఏమవుతుందో దక్షిణ కొరియా చూసింది. పెద్ద వెబ్‌సైట్లలో రాసేవాళ్ల అసలు గుర్తింపు తప్పనిసరి చేస్తూ 2007లో అక్కడ నియమం తెచ్చారు. 2011లో రెండు పెద్ద సైట్ల మీద హ్యాకర్లు పడి మూడున్నర కోట్ల మంది వివరాలు ఎత్తుకుపోయారు. 2012 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నియమాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. చైనా మరో దారి పట్టింది. 2009 చివర్లో డాట్ సీఎన్ పేర్లు వ్యక్తులకు ఇవ్వడమే ఆపేసింది. తర్వాత ఫొటోలు, సంతకాలు తెమ్మంది, అంతకుముందే కొన్నవాళ్లను కూడా. గోడాడీ అనే అమెరికన్ కంపెనీ 2010 మార్చిలో మా వల్ల కాదని డాట్ సీఎన్ పేర్ల అమ్మకం మానుకుంది. మనం కొరియా తప్పు నుంచి నేర్చుకుంటామా, చైనా దారిలో నడుస్తామా?

'మరి ఆడపిల్లల ఫొటోలు పెట్టి వేధించేవాళ్ల సంగతేంటి?' అని అడిగే అక్కాచెల్లెళ్లకు జవాబు బాకీ ఉన్నాం. 2021 జులైలో ముస్లిం మహిళల ఫొటోలు పెట్టి 'వేలం' వేసిన దుర్మార్గం బయటపడింది. ఆరు నెలలు ఎవరూ అరెస్టు కాలేదు. 2022 జనవరి 1న అదే తీరులో మరొకటి వచ్చింది. ఈసారి దేశమంతా గగ్గోలు పుట్టింది. వారం తిరిగేలోపే నిందితులు దొరికారు, పాత కేసులో నిందితుడు కూడా దొరికాడు. ఈ రెంటి మధ్య కొత్త చట్టమేదీ రాలేదు. మారింది పట్టుకోవాలనే పట్టుదల. లోపం ఎక్కడుందో మీరే చెప్పండి.

మరి మేం కోరేదేమిటి? ఒకటి, డబ్బు వసూలు చేసే ప్రతి సైట్ యజమాని పేరూ, చిరునామా జనానికి కనబడాలి. మోసం జరిగితే ఆ సైట్‌ను గంటల్లో ఆపాలి. రెండు, మాట్లాడటానికి మాత్రమే సైట్ పెట్టుకున్న మనిషి పేరు బజారున పెట్టొద్దు. 2022 డిసెంబరులో యూరప్ చేసిన నియమం కూడా వివరాలు సరిచూడమంటుంది కానీ, మామూలు మనుషుల వివరాలు అందరికీ చూపమనదు. మూడు, అమ్మిన కంపెనీ దగ్గరున్న పేరు పోలీస్ స్టేషన్ నుంచి ఒక్క ఫోన్ వస్తే బయటికి రావొద్దు. నేరం ఏమిటో రాసి, జడ్జి ముందు పెట్టి, ఉత్తర్వు తెచ్చుకోవాలి. పేరు బయటపెట్టిన సంగతి ఆ మనిషికి తెలియాలి, ఎదురు చెప్పుకునే అవకాశం ఉండాలి.

అంతరంగికత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. కానీ 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో కేంద్ర ప్రభుత్వం తనకు కావాల్సిన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే సందు ఉంచుకుంది. ఇంటికి తాళం వేసి, చెవి దొర చేతిలో పెట్టినట్టుంది. ఆ చెవి కోర్టు దగ్గరికి చేరేదాకా పేర్ల పట్టిక మీద మా అభ్యంతరం అభ్యంతరమే.

మా పేరు ఈ పత్రిక అడుగున ఉంది. దాచుకోలేదు, దాచుకోం. కానీ మా ధైర్యాన్ని చూపించి ఓ గుమాస్తా నోరు, ఓ విద్యార్థి నోరు మూయిస్తామంటే ఒప్పుకోం. జేబు కొట్టేవాడి పేరు రాబట్టండి, మేమూ తోడొస్తాం. ప్రశ్న అడిగేవాడి పేరు ఎందుకో ముందు కోర్టుకు చెప్పండి.